విలాస నౌకల్లో అదనపు రుసుము విందు: ఆ డబ్బు దేనికి?

సిల్వర్‌సీ, రీజెంట్, సీబోర్న్, ఎక్స్‌ప్లోరా వంటి సంస్థల నౌకల్లో ప్రయాణించాలంటే మనిషికి రోజుకు అయిదారు వందల డాలర్ల నుంచి వెయ్యి డాలర్ల పైదాకా అవుతుంది. గది, భోజనం, చాలావరకు మద్యం, సిబ్బందికి ఇచ్చే టిప్పులు అన్నీ ఆ మొత్తంలోనే కలిసి ఉంటాయన్నది ఈ సంస్థలు తమను మామూలు క్రూయిజ్‌ల నుంచి వేరుచేసి చూపించుకునే ప్రధాన లక్షణం. చేతిలో పర్సు లేకుండా వారం పది రోజులు గడపవచ్చన్న భరోసాకే ప్రయాణికులు అంత ధర ఇస్తారు. అయినా ఈ నౌకల్లో కొన్నింటిలో మళ్లీ డబ్బు కట్టి తినవలసిన రెస్టారెంట్ ఒకటో రెండో ఉంటున్నాయి. సిల్వర్‌సీలో లా డామ్, ఎక్స్‌ప్లోరాలో ఆంథాలజీ, రిట్జ్-కార్ల్‌టన్ యాట్ కలెక్షన్ వారి ఎవ్రిమా నౌకలో ఎస్.ఇ.ఎ. ఈ కోవకు చెందినవి.

వీటికి వెళ్లడం దండగ అని తేల్చేసేవారూ ఉన్నారు, వెళ్లకపోతే ప్రయాణమే అసంపూర్ణమనేవారూ ఉన్నారు. ఇద్దరూ చూడవలసిన అసలు విషయం ఒకటుంది. ఆ రుసుము ఓడలో మరెక్కడా సాధ్యంకాని వంటను మన ముందుకు తెస్తున్నదా, లేక టికెట్‌లో ఉండవలసిన దాన్నే అందులోంచి తీసి వేరే గదిలో పెట్టి అమ్ముతున్నదా? మొదటిదైతే డబ్బుకు న్యాయం జరిగినట్టే. రెండోదైతే ఆ విందు ఎంత రుచిగా ఉన్నా ప్రయాణికుడు ఒకే భోజనానికి రెండుసార్లు చెల్లించినట్టు.

ఓడ మీద విడిగా డబ్బు తీసుకునే రెస్టారెంట్ ఈనాటి ఆలోచన కాదు. హాంబర్గ్ అమెరికా లైన్ 1905లో నడిపిన అమెరికా అనే నౌకలో రిట్జ్-కార్ల్‌టన్ పేరుతో అటువంటి రెస్టారెంట్ ఉండేది. 1912 నాటి టైటానిక్‌లో మొదటి తరగతి ప్రయాణికుల కోసం లూయీజీ గట్టి అనే ఇటలీ దేశస్థుడు నడిపిన రెస్టారెంట్‌లో ఎవరు తిన్నదానికి వారు విడిగా చెల్లించేవారు. ఇక్కడ గమనించవలసిన ఏర్పాటు ఒకటి ఉంది: పెద్ద భోజనశాలను పూర్తిగా వదులుకుని, ప్రయాణమంతా ఈ రెస్టారెంట్‌లోనే తింటామని ముందుగా చెప్పినవారికి నౌకా సంస్థ టికెట్ ధరలో కొంత తగ్గించేది. తినని భోజనానికి డబ్బు తీసుకోకూడదన్న వ్యాపార మర్యాద అది. తర్వాత 1936లో వచ్చిన క్వీన్ మేరీలోని వెరాండా గ్రిల్ కూడా అదనపు రుసుముతోనే నడిచింది, ఆ పేరును క్యూనార్డ్ సంస్థ ఇప్పటికీ తన నౌకల్లో కొన్నింటిలోని స్టేక్‌హౌస్‌కు (కాల్చిన మాంసానికి పేరుపడ్డ రెస్టారెంట్‌కు) వాడుతోంది. అదనపు రుసుము అలాగే నిలిచింది కానీ, టికెట్‌లో తగ్గింపు మాత్రం ఎక్కడా మిగలలేదు. ఈరోజు ఏ ప్రయాణికుడైనా ప్రతి రాత్రీ రుసుము కట్టి తిన్నా, ప్రధాన భోజనశాలలో అతని కోసం లెక్కగట్టిన భోజనం విలువ అతనికి తిరిగి రాదు.

ఆధునిక క్రూయిజ్‌లలో ఈ పద్ధతి 1990ల చివర మళ్లీ బలపడింది. 1998లో డిస్నీ మొదటి నౌకలో పాలో, 1999లో రాయల్ కరీబియన్ వారి వాయేజర్ ఆఫ్ ద సీస్‌లో పోర్టొఫీనో అనే రెస్టారెంట్లు వచ్చాయి. 2000లో సెలబ్రిటీ సంస్థ తన మిలీనియం నౌకలో, టైటానిక్‌కు తోడబుట్టిన ఒలింపిక్ నౌక నుంచి సేకరించిన అసలు చెక్క పలకలతో ఒక రెస్టారెంట్‌ను తీర్చిదిద్ది, దానికి ఒలింపిక్ అనే పేరే పెట్టింది. అదే ఏడాది నార్వేజియన్ సంస్థ భోజన వేళల కట్టుబాటును, కేటాయించిన బల్లల పద్ధతిని తీసేసి, ఎవరికి నచ్చిన చోట వారు తినే ఏర్పాటు తెచ్చింది. ఆ స్వేచ్ఛతో పాటే రుసుము వసూలు చేసే రెస్టారెంట్ల సంఖ్యా పెరుగుతూ వచ్చింది.

ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఈ సంస్థల వార్షిక లెక్కలు చూస్తే చాలు. కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి పెద్ద సంస్థలు తమ ఆదాయాన్ని రెండు పద్దులుగా చూపిస్తాయి: ఒకటి టికెట్ల అమ్మకం, రెండోది ఓడ ఎక్కాక ప్రయాణికులు పెట్టే ఖర్చు. మద్యం, జూదశాల, తీర విహారాలు, ఇంటర్నెట్, ప్రత్యేక భోజనం అన్నీ కలిసిన ఈ రెండో పద్దు మొత్తం ఆదాయంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. టికెట్ ధరను ఇతర సంస్థల ధరలతో పోల్చి చూసే కొనుగోలుదారుకు, సముద్రం మధ్యలో ఉన్నప్పుడు పోల్చి చూడటానికి పక్క వీధి హోటల్ ఉండదు. అందువల్ల టికెట్‌ను చౌకగా చూపించి, మిగిలిన రాబడిని లోపల రాబట్టుకోవడం వారికి అనుకూలం. ఇంతవరకు వ్యాపార లెక్కగా సరిపెట్టుకోవచ్చు. అయితే ప్రధాన భోజనశాల మెనూలోనే మంచి స్టేక్‌కు, లాబ్‌స్టర్‌కు (పెద్ద సముద్రపు రొయ్యకు) పక్కన ధర వేయడం, కార్నివాల్ నౌకల్లో మూడో ప్రధాన వంటకం అడిగితే 5 డాలర్లు తీసుకోవడం చూస్తే, టికెట్‌లో ఉన్న భోజనం పరిధి కొంచెం కొంచెంగా కుదించుకుపోతోందని స్పష్టమవుతుంది. నాకు అభ్యంతరం ఉన్నది ఇక్కడే. రెస్టారెంట్‌కు రుసుము పెట్టడం ఒక ఎత్తు, ఆ రుసుముకు గిరాకీ పెరిగేలా మామూలు భోజనాన్ని పలచన చేయడం మరో ఎత్తు.

ఇప్పుడు వంటగదిలోకి వెళ్దాం, ఎందుకంటే రుసుముకు నిజమైన సమర్థన ఏదైనా ఉంటే అది అక్కడే దొరుకుతుంది. పెద్ద నౌకలో ప్రధాన భోజనశాల ఒక్క పూటలో వెయ్యిమందికి పైగా వడ్డించాలి, చాలాచోట్ల అది రెండు విడతలుగా సాగుతుంది. స్టీలు బల్లల మీద పళ్లాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఒక వంటవాడు చేప ముక్క పెడతాడు, పక్కవాడు బంగాళదుంప, ఆ పక్కవాడు సాస్, చివరివాడు పళ్లెం అంచు తుడిచి మూత పెడతాడు. ఆ మూతల పళ్లాలను పెద్ద ట్రేలో ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, వెయిటర్ భుజానికెత్తుకుని వెళ్తాడు. వంటగది, భోజనశాల వేర్వేరు అంతస్తుల్లో ఉన్న నౌకల్లో ఎస్కలేటర్ ఎక్కి మరీ వెళ్తాడు. మన పెద్ద పెళ్లిళ్ల వంటశాలలో కనిపించే నేర్పే ఇక్కడా కనిపిస్తుంది, కాకపోతే ఇది ప్రతి రాత్రీ జరుగుతుంది. ఇన్ని చేతులు, ఇంత క్రమశిక్షణ ఉన్నా, ఆ పద్ధతిలో చేయలేనివి కొన్ని ఉంటాయి. పొయ్యి మీంచి దించిన రెండు నిమిషాల్లో తినవలసిన చేప, పొంగి అణిగిపోయే సూఫ్లే, ఒక్కొక్కరు కోరినంత మేరకే కాల్చవలసిన మాంసం ఆ మూతల కింద నిలవవు. అగ్నిప్రమాదం భయంతో నౌకల్లో వంట చాలావరకు విద్యుత్ పొయ్యిల మీదే జరుగుతుంది, సరుకు కూడా ఎక్కువగా బయలుదేరే రేవులోనే ఒకేసారి ఎక్కించుకుంటారు. ఈ పరిమితులు అన్ని రెస్టారెంట్లకూ ఒకటే. తేడా అంతా ఒక పళ్లేనికి ఎంతమంది వంటవాళ్ల ఎంత సమయం దక్కుతుందన్న దానిలో ఉంది. కొద్దిపాటి సీట్లున్న చిన్న రెస్టారెంట్‌లో ఆ సమయం అనేక రెట్లు దక్కుతుంది. దానికి డబ్బు అడగడం అన్యాయమని నేననను.

కనుక వేలమంది ప్రయాణించే మామూలు నౌకలో, వారం ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులు ఇలాంటి చోట తినడం సబబే. తేడా నోటికి తెలుస్తుంది, గోల తగ్గుతుంది, బల్ల దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు. కానీ ఇదే వాదనను విలాస నౌకకు వర్తింపజేసేసరికి పట్టు సడలుతుంది. ఆరేడు వందలమంది ప్రయాణికులుండే నౌకలో ప్రధాన భోజనశాలే చిన్నది. అక్కడి వంటవాళ్లకు ఒక్కో పళ్లెం మీద దృష్టి పెట్టే తీరిక ముందే ఉంటుంది, ప్రయాణికుడు కట్టిన టికెట్‌లో సింహభాగం ఆ తీరికకే. అక్కడ రుసుము అడిగే రెస్టారెంట్ తాను అదనంగా ఏమిస్తున్నదో మరింత గట్టిగా రుజువు చేసుకోవాలి.

రుసుము లేకుండా ఇది సాధ్యమేనని చూపిన సంస్థలు ఉన్నాయి. రీజెంట్ నౌకల్లో ప్రైమ్ 7 అనే స్టేక్‌హౌస్, షార్త్రూజ్ అనే ఫ్రెంచ్ రెస్టారెంట్, పసిఫిక్ రిమ్ అనే ఆసియా రెస్టారెంట్ అన్నీ టికెట్‌లోనే. సీబోర్న్‌లో అమెరికాకు చెందిన ప్రసిద్ధ వంటమాస్టరు థామస్ కెల్లర్ పేరుతో 2016 నుంచి 2024 దాకా నడిచిన గ్రిల్‌కు కూడా రుసుము లేదు. ఓషియానియా నౌకల్లో పోలో గ్రిల్, టోస్కానా, రెడ్ జింజర్‌లకు ముందుగా బల్ల రిజర్వ్ చేసుకుంటే చాలు. వైకింగ్ సముద్ర నౌకల్లో షెఫ్స్ టేబుల్‌లో వరుస వంటకాల విందు కూడా ఉచితమే. సీబోర్న్ కార్నివాల్ గుంపులోది, రీజెంట్, ఓషియానియా నార్వేజియన్ గుంపులోవి. లోపలి ఖర్చు మీద అంతగా ఆధారపడే మాతృసంస్థల నీడలోనే ఈ నౌకలు స్టేక్‌కు, సుషీకి విడిగా డబ్బు అడగకుండా నడుస్తున్నాయి. కాబట్టి ఈ స్థాయి టికెట్ మీద మామూలు స్టేక్‌హౌస్‌కో, ఇటాలియన్ రెస్టారెంట్‌కో రుసుము పెట్టడాన్ని ఖర్చు పేరుతో సమర్థించలేరు.

లా డామ్, ఆంథాలజీ వంటివి వేరే తరగతి. లా డామ్ రుసుము ఒకప్పుడు 60 డాలర్లు ఉండేది, ఇప్పుడది వంద దాటింది. ఆంథాలజీకి కూడా వంద యూరోలకు పైనే కట్టాలి, వంటకానికో వైన్ చొప్పున కావాలంటే దాని ఖర్చు వేరు. ఎవ్రిమాలోని ఎస్.ఇ.ఎ. మెనూను జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్‌లో మూడు మిషెలిన్ తారలున్న (రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు) ఆక్వా రెస్టారెంట్ వంటమాస్టరు స్వెన్ ఎల్వర్‌ఫెల్డ్ రూపొందించారు. ఇక్కడ అమ్ముతున్నది వరుసగా వచ్చే చిన్న చిన్న వంటకాలు, కేవియర్ (చేప గుడ్లు), ట్రఫుల్ (నేలలో దొరికే ఒక రకం పుట్టగొడుగు) వంటి ఖరీదైన సరుకు, రెండు మూడు గంటల సేపు ఒకే బల్లకు అంకితమైన సేవ. రేవు నగరాల్లో ఈ స్థాయి రెస్టారెంట్‌లో ఇంతకంటే ఎక్కువే అవుతుంది. వంట మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు ప్రయాణంలో ఒకసారి, అదీ ఓడ రేవులో ఆగకుండా పగలంతా సముద్రంలో గడిపిన రోజు రాత్రి, వెళ్లడం సమంజసమే. ఎందుకంటే ఓడ బార్సిలోనాలోనో, సాన్ సెబాస్టియన్ దగ్గరి రేవులోనో రాత్రి పొద్దుపోయేదాకా నిలిచి ఉన్నప్పుడు, ఆ డబ్బుతో ఒడ్డుకు దిగి ఆ తీరపు చేపను ఆ ఊరివాళ్ల వంటలో తినడం ఎన్నో రెట్లు మేలు. నౌక వంటగది ఎంత గొప్పదైనా ఆ ఊరి సంతను ఓడలోకి తేలేదు.

రుసుము అంకెను చూసేటప్పుడు మరొకటి కూడా లెక్కవేసుకోవాలి. మామూలు నౌకల్లో బోర్డు మీద కనిపించే ధరకు 18 నుంచి 20 శాతం సేవా రుసుము కలుస్తుంది. నలుగురి కుటుంబానికి మనిషికి 60 డాలర్ల స్టేక్‌హౌస్ భోజనం అంటే 240 కాదు, 280 డాలర్ల పైమాట. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో కొంటే ధర కాస్త తగ్గుతుంది, ఎక్కిన మొదటి రాత్రి సీట్లు నిండవు కనుక తరచూ తగ్గింపు ఇస్తారు. నాలుగైదు భోజనాలు కలిపి అమ్మే ప్యాకేజీలు మాత్రం చాలామందికి అనవసరం. కొన్నాక ఎలాగైనా వాడుకోవాలన్న తొందరలో మంచి భోజనశాలను వదులుకుని వరుసగా బరువైన విందులు తినవలసి వస్తుంది.

మన తెలుగు కుటుంబాలకు సంబంధించి ఈ లెక్క ఇంకోలా మారుతుంది. అమెరికాలో స్థిరపడినవారు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను సియాటిల్ నుంచి అలాస్కాకో, మయామీ నుంచి కరీబియన్‌కో తీసుకువెళ్లడం ఇప్పుడు మామూలైంది. 2023లో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమయ్యాక నౌకాయానం మన ఊళ్లలోనూ చర్చకు వచ్చే విషయమైంది. ఈ ప్రయాణికుల్లో శాకాహారులు చాలామంది ఉంటారు. స్టేక్‌హౌస్ రుసుము నిర్ణయమయ్యేది మాంసం, లాబ్‌స్టర్ల ఖరీదును బట్టి. కానీ శాకాహారి ముందుకు వచ్చేది సలాడ్, కాల్చిన బంగాళదుంప, పుట్టగొడుగుల వంటకమో పాస్తానో ఒకటి, చివర చీజ్ కేకు. కట్టేది మాత్రం పక్కవాడితో సమానం. ఈ అసమానతను ఏ సంస్థా మెనూ కార్డు మీద రాయదు, పెద్దవాళ్లు పిల్లలను నొప్పించడం ఇష్టంలేక చాలా బాగుందని లేచి వచ్చేస్తారు.

అదే నౌకలో, రుసుము లేని ప్రధాన భోజనశాలలో, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను పిలిచి "మేం నలుగురం శాకాహారులం, రేపటి నుంచి మాకు ఇండియన్ వెజిటేరియన్ చేయించగలరా?" అని అడిగితే, చాలా పెద్ద సంస్థల నౌకల్లో మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం, రొట్టె బల్ల మీదికి వస్తాయి. నౌకల వంటశాలల్లో గోవా, కేరళ, ముంబై ప్రాంతాల వంటవాళ్లు ఎందరో ఉన్నారు. కారం ఎంత వేయాలో వాళ్లకు చెప్పవలసిన పని లేదు, తమకు అలవాటైన వంట చేయమని అడిగేవారు దొరికితే సంతోషంగా చేసిపెడతారు. అమ్మానాన్నలకు ఓడలో అన్నింటికంటే బాగా నచ్చే భోజనం అదే అవుతుంది.

అందువల్ల శాకాహార కుటుంబాలకు నా సలహా విలాస నౌక విషయంలోనూ, మామూలు నౌక విషయంలోనూ ఒకటే: రుసుము రెస్టారెంట్‌లో శాకాహారులకు ప్రత్యేకంగా రూపొందించిన వరుస వంటకాల మెనూ ఉందో లేదో టికెట్ కొనేముందే రాతపూర్వకంగా అడగండి, ఉంటే ఆ మెనూ తెప్పించుకుని చదవండి. కొన్ని విలాస నౌకలు ముందుగా చెబితే శ్రద్ధగా చేసి పెడతాయి. అడిగిన ప్రశ్నకు "అక్కడికి వచ్చాక షెఫ్ చూసుకుంటారు" అన్న జవాబు వస్తే, ఆ రాత్రి బల్ల రిజర్వ్ చేయకండి.