కంప్యూటర్ మీద దుప్పటి కప్పండి, ఐటీ పరీక్ష దగ్గరకొచ్చింది

పిల్లలకు పరీక్షలొస్తే టీవీ కేబుల్ పీకేయడం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్న ఆచారమే. ఈ ఏడాది మేం ఇంకో మెట్టు ఎక్కాం. పదో తరగతి చదివే మా చిన్నది ఐటీ పరీక్ష రాయబోతోంది కాబట్టి ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పేశాం. ఎగతాళి కాదు. ఐటీలో మంచి మార్కులు రావాలంటే కంప్యూటర్ జోలికి పోకూడదని సొంత అనుభవం మీద, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సీబీఎస్ఈ బడుల్లో పదో తరగతికి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అని ఒక స్కిల్ సబ్జెక్టు ఉంది. దాని కోడ్ 402. పిల్లలు 'ఫోర్ నాట్ టూ' అంటారు. మా చిన్నది ఫోన్లో ఫ్రెండుతో దీని గురించి గుసగుసలాడుతుంటే మా నాన్నగారు 'ఫోర్ ట్వంటీ' అని విని, మనవరాలు ఏ కేసులో ఇరుక్కుందోనని రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. రాతపరీక్షకు 50 మార్కులు, ప్రాక్టికల్‌కి 50. పేపర్లో 21 ప్రశ్నలిస్తారు, 15 రాయాలి, టైము 2 గంటలు.

ఈ సబ్జెక్టంటే మాలాంటి తల్లిదండ్రులకు ఉన్న ప్రేమ మాత్రం వేరే కారణం వల్ల. లెక్కలు, సైన్సు, సోషల్ ఈ మూడింట్లో ఏదో ఒకటి పోయినా, స్కిల్ సబ్జెక్టు పాసైతే దాన్ని తెచ్చి అక్కడ పెట్టుకోవచ్చు. డిక్కీలో స్టెప్నీ అన్నమాట. లెక్కలకు పంచర్ పడితే తీసి బిగించుకోవడమే. పేరెంట్స్ మీటింగులో ఐటీ టీచర్ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. లెక్కల సార్ దగ్గర క్యూ చూసి బెంగపడినవాళ్ళు తిరిగొస్తూ ఆవిడకి ఒక నమస్కారం పెట్టి వెళ్తారు. దారిలో కనపడ్డ గుడికి పెట్టినట్టు.

ఇక నా గురించి. 18 ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో, ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురం ఒరిగి కూర్చుని డేటాబేస్ నేర్చుకున్న బ్యాచ్ మాది. అందుకని మా ఆవిడ 'లెక్కలకి ట్యూషన్ పెట్టాం, ఐటీకి మీరున్నారుగా' అంది. ఆ మాటకు నా ఛాతీ కాస్త వెడల్పయిన సంగతి దాచను. మళ్ళీ మామూలు సైజుకి రావడానికి ఒక్క సాయంత్రం పట్టింది.

'నాన్నా, ప్రైమరీ కీ అంటే ఏంటి?' అని అడిగింది చిన్నది.

నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. డేటాబేస్ పట్టికలో ఒక్కో వరుసనూ విడిగా గుర్తుపట్టే ఆ కీగా ఫోన్ నంబర్‌ని పెడితే ఏం కొంపలు మునుగుతాయో, ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే జీతాల రోజు ఎంత రభస అవుతుందో, అర్ధరాత్రి రెండింటికి లేచి నేను ఎన్ని టేబుళ్ళు బాగుచేశానో కళ్ళకు కట్టినట్టు చెప్పాను. అరగంట పట్టింది. పిల్ల ఓపిగ్గా వింది. చివర్లో, 'నాన్నా, ఇది రెండు మార్కుల ప్రశ్న. 20 నుంచి 30 పదాల్లో చెప్పు' అంది.

చెప్పలేకపోయాను. సరే, క్యాండిడేట్ కీకీ (ప్రైమరీ కీ కాగల అర్హత ఉన్నవన్నీ అవే) ఆల్టర్నేట్ కీకీ తేడా చెప్పమంది. నేను 'అది సందర్భాన్ని బట్టి...' అని మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, 'ప్రైమరీ కీగా ఎంచుకున్నది పోగా మిగిలిన క్యాండిడేట్ కీలను ఆల్టర్నేట్ కీలు అంటారు' అని ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. ఒప్పే. ఒక్క అక్షరం తప్పు లేదు. 18 ఏళ్ళలో నన్ను ఆల్టర్నేట్ కీ గురించి అడిగిన మొదటి మనిషి మా అమ్మాయే. ఆ మాటకొస్తే సమాచారాన్ని పట్టికల్లో పేర్చుకునే ఈ రిలేషనల్ డేటాబేస్ అనే ఆలోచనను లోకానికి ఇచ్చిన ఎడ్గార్ కాడ్ 1970లో ఆ సంగతి చెప్పడానికి 11 పేజీల పేపర్ రాశాడు. మన బోర్డు పరీక్షకు కూర్చుని ఉంటే పదాల లిమిట్ దాటాడని ఆయనకు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉండేవాళ్ళు.

మర్నాడు మెయిల్ మర్జ్. ఒకే ఉత్తరం వందమందికి వంద పేర్లతో తయారుచేసే పద్ధతి. ఇదైనా చూపిద్దామని ఆఫీసు ల్యాప్‌టాప్ తెరవబోతే చిన్నది గబుక్కున మూత మూసేసింది. 'వద్దు నాన్నా, అది చూస్తే నేను కన్ఫ్యూజ్ అవుతాను' అంది. తప్పు తనది కాదు. పుస్తకం నడిచేది లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. అందులో టూల్స్ మెనూలోకి వెళ్ళి మెయిల్ మర్జ్ విజార్డ్ నొక్కాలి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది మైక్రోసాఫ్ట్ వర్డ్. అందులో మెయిలింగ్స్ అని వేరే గది ఉంది. పుస్తకంలో ఒక దారి, కళ్ళముందు ఇంకో దారి. పిల్ల ఏ దారిన పోవాలి? మార్కులు ఉన్న దారిన పోతుంది.

దుప్పటి ఐడియా అప్పుడొచ్చింది.

వాళ్ళ బడి ఈ విషయంలో నాకంటే ఎంతో ముందుంది. అక్కడ ల్యాబ్ ఉంది, ఏసీ ఉంది, తలుపు బయట చెప్పులు విప్పాలని బోర్డు కూడా ఉంది. లోపల ప్రతి మానిటర్‌కీ తెల్లటి కవర్ తొడిగి ఉంటుంది, వేసవి సెలవులకు ఊరెళ్ళేవాళ్ళ ఇంట్లో సోఫాల్లాగా. ముగ్గురికి ఒక సిస్టమ్. మౌస్ ఒకరిది, కీబోర్డ్ ఒకరిది, మూడోవాళ్ళది చూపు. దసరా సెలవులకు ముందు ఆయుధపూజ నాడు మాత్రం కవర్లన్నీ తీసి, సీపీయూలకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి పిల్లలందరినీ లోపలికి పిలుస్తారు. ఆ రోజు ముట్టుకోకూడదు, పూజలో ఉంటాయి. మిగతా రోజుల్లో ముట్టుకోకూడదు, పాడవుతాయి.

ఈ పద్ధతి వల్ల పిల్లలకు ఏకాగ్రత పెరుగుతుందని నా పరిశీలన. ఉదాహరణకి గోల్ సీక్. కావాల్సిన జవాబు ముందే తెలిసినప్పుడు, ఏ అంకె పెడితే ఆ జవాబు వస్తుందో లిబ్రెఆఫీస్‌లో లెక్కల పట్టికలు చేసే క్యాల్క్ వెనక్కి లెక్కగట్టి చెబుతుంది. మా చిన్నది దీన్ని బట్టీ పట్టి, నోట్సులో పెన్నుతో గళ్ళు గీసి, తన మార్కుల మీదే ప్రయోగించింది. మొత్తం 95 కావాలి, ప్రాక్టికల్లో 50 వేస్తారు, అయితే రాతపరీక్షలో ఎంత? రెండు పేజీల స్టెప్పుల తర్వాత 45 అని తేలింది. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ, '95లో 50 పోతే 45 కాక ఏమొస్తుందే' అంది. మా అమ్మకు స్టెప్పులు రాయడం రాదు, ఆవిడకు మార్కులు పడవు.

పాత పేపర్లు తిరగేస్తుంటే స్టిక్కీ కీస్ అనే ప్రశ్న కూడా తగిలింది. కీబోర్డ్ మీద బూస్ట్ ఒలికితే వచ్చే జబ్బనుకున్నాను. కాదట. రెండు మూడు మీటలు ఒకేసారి నొక్కలేనివాళ్ళ కోసం పెట్టిన మంచి సదుపాయం. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చే ఆ డబ్బా అదే. ఇన్నేళ్ళుగా అది రాగానే తిట్టుకుంటూ మూసేస్తున్నాను. ఇక్కడ పుస్తకమే గెలిచింది, ఒప్పుకోవాలి.

పేపర్లో 10 మార్కులకు ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని ఒక భాగం ఉంది. ఉద్యోగానికి కావాల్సిన గుణాలు. మాట్లాడే పద్ధతి, ఒత్తిడిని తట్టుకునే పద్ధతి, పర్యావరణం వగైరా. ఆదివారం రాత్రి పన్నెండున్నరకు నీళ్ళ కోసం లేస్తే హాల్లో లైటు వెలుగుతోంది. చిన్నది అటూ ఇటూ నడుస్తూ, 'ఒత్తిడి తగ్గాలంటే సరిపడా నిద్ర పోవాలి, ఒత్తిడి తగ్గాలంటే సరిపడా నిద్ర పోవాలి' అని చదువుతోంది. పడుకోమ్మా అంటే, 'ఇంకా యోగా, మెడిటేషన్ మిగిలాయి నాన్నా, అవి కాగానే పడుకుంటా, అసలే టెన్షన్‌గా ఉంది' అంది.

ఇక ప్రాక్టికల్. 50 మార్కులంటే మాటలు కాదు, రికార్డు ఉండాలి. చేసిన పనుల స్క్రీన్ షాట్లన్నీ కలర్‌లో ప్రింట్ తీసి బైండ్ చేయించాలి. చేయని పనుల స్క్రీన్ షాట్లు ఎలా వస్తాయని నేను అమాయకంగా అడిగితే, మా ఆవిడ జాలిగా చూసి, 'మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపుంది, వెళ్ళండి' అంది.

వెళ్ళాను. అక్కడ కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. చెవిలో బ్లూటూత్, వేళ్ళకు ఇంకు. 'ఫోర్ నాట్ టూ రికార్డా అన్నా? ఏ స్కూలు?' అన్నాడు. చెప్పగానే ఆ బడి పేరుతోనే ఫోల్డర్ తెరిచాడు. చిన్నదాని పేరు, సెక్షన్, రోల్ నంబర్ అడిగి ఒక ఎక్సెల్ షీట్‌లో ముప్పై ఏడో వరుసలో ఎక్కించాడు. ఆపైన ముప్పై ఆరుగురు పిల్లలున్నారు. 'ఐదు నిమిషాలు కూర్చోండి, అందరివీ ఒకేసారి కొట్టేస్తా' అన్నాడు.

స్టూలు మీద కూర్చుని చూశాను. రికార్డు ఒకటే. పేర్లు ఉండాల్సిన చోట పేర్లు, నంబర్లు ఉండాల్సిన చోట నంబర్లు షీట్‌లోంచి వచ్చి కూర్చునేట్టు అమర్చిపెట్టుకున్నాడు. ఒక్క నొక్కు నొక్కాడు. ముప్పై ఏడు రికార్డులు, ప్రతి పేజీ నెత్తిన ఎవరి పేరు వాళ్ళది, ప్రింటర్లోంచి వేడివేడిగా రావడం మొదలైంది. కాగితం పొదుపు చేయాలని చెప్పే గ్రీన్ స్కిల్స్ పేజీ కూడా కలర్‌లోనే, ఒకవైపే.

నేను లేచి నిలబడ్డాను. 'తమ్ముడూ, ఇది మెయిల్ మర్జ్ కదా!' అన్నాను.

'అదేంటో తెలీదన్నా. మేం పేర్ల పని అంటాం. పెళ్ళి కార్డుల కవర్ల మీద అడ్రసులు కూడా దీంతోనే కొడతాం. స్పైరలా, టేపా?'

స్పైరల్ అన్నాను. రికార్డు చంకలో పెట్టుకుని ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా జరిగిందంతా చిన్నదానికి చెప్పాను. మెయిల్ మర్జ్‌ని ఇన్నాళ్ళకు బతికుండగా చూశానని చెప్పాను. అది పుస్తకంలోంచి తలెత్తకుండా వింది.

'ఆ అన్న ఎక్కణ్ణుంచి వెళ్ళాడు? మెయిలింగ్స్‌లోంచా?'

'అవునమ్మా.'

'తప్పు నాన్నా. టూల్స్‌లోంచి వెళ్ళాలి' అని పేజీ తిప్పింది.