ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కూ లెక్క ఉండాలి

పదిహేను నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం గర్భసంచి తీయించుకున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తం మీద ఇది 3.3 శాతమే. అంతకుముందు 2015-16 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అంటే ఈ మధ్యకాలంలో ఒకచోట నామమాత్రంగా తగ్గింది, మరోచోట పెరిగింది. దేశవ్యాప్తంగా చూస్తే ఈ ఆపరేషన్ అయినవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. మూడింట రెండు ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి.

ఈ అంకెలు మనకు తెలిశాయంటే కారణం, సర్వే చేసేవాళ్లు ఆ ప్రశ్న అడగడమే. గర్భసంచి తీయించుకున్నారా, ఏ వయసులో, ఎక్కడ, ఎందుకు అని 2015-16 సర్వేలో ఇంటింటికీ వెళ్లి వివరంగా అడిగారు. అంతవరకూ ఇది ఊళ్లలో అందరికీ తెలిసిన విషయం, ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఇంత వివరంగా లేని విషయం. సర్వే కన్నా ముందే కొందరు డాక్టర్లు, పరిశోధకులు సొంతంగా పల్లెల్లో తిరిగి హెచ్చరించారు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ ప్రకాశ్ వింజమూరి, డాక్టర్ ఎస్వీ కామేశ్వరి మెదక్ ప్రాంతంలో ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్లతో మాట్లాడి, చిన్న వయసులోనే గర్భసంచులు తీసేస్తున్న తీరును బయటపెట్టి దశాబ్దంన్నర దాటింది. వాళ్ల మాట అప్పుడే పూర్తిగా చెవికెక్కించుకుని ఉంటే ఎంతమంది ఈ ఆపరేషన్ నుంచి తప్పించుకునేవారో!

సర్వేలో ఆడవాళ్లు చెప్పిన కారణాల్లో సగానికి పైగా ఒక్కటే: ఎక్కువ రక్తస్రావం, నెలసరి నొప్పి. చాలా సందర్భాల్లో మందులతో నయమయ్యే బాధ ఇది. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి. హార్మోన్ విడుదల చేసే లూప్ ఉంది. గడ్డలుంటే, గర్భసంచి ఉంచి గడ్డల్ని మాత్రమే తీసే పద్ధతి ఉంది. వీటన్నిటి తర్వాత ఆఖరుగా రావాల్సిన ఆపరేషన్ మన దగ్గర మొదటి సలహాగా వస్తోంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని చూపించుకోవడానికి వెళ్లిన మనిషికి ఒక స్కానింగ్ తీసి, ‘గర్భసంచికి పుండు పడిందమ్మా, తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది’ అంటారు. ఆ మాట విన్నాక ఏ తల్లి నిద్రపోతుంది? పిల్లల ముఖాలు గుర్తొస్తాయి. మెళ్లో పుస్తెల తాడు తాకట్టు పెట్టయినా ఆపరేషన్ చేయించుకుంటుంది.

నిజంగా క్యాన్సర్ భయమే ఉంటే ముందు పరీక్ష చేయాలి కదా! గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్న 30-49 ఏళ్ల ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి అయిదుగురు కూడా లేరని అదే సర్వే చెబుతోంది. పరీక్షలు లేవు, భయం మాత్రం ఉంది. ఆ భయం మీదే వ్యాపారం నడుస్తోంది. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర మొదలై పట్నంలోని నర్సింగ్ హోమ్ దాకా ఈ దారిలో కమిషన్లు చేతులు మారతాయన్నది పల్లెల్లో ఎవరినడిగినా చెప్పే సంగతే.

ఆపరేషన్ తర్వాత ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ వెంటనే వచ్చేస్తుంది. అండాశయాలు ఉంచినా మామూలు కన్నా ముందే రావచ్చు. ముప్పై అయిదేళ్లకే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నాట్లు వేసి, మిరపకాయలు కోసి, పత్తి ఏరి బతికే మనిషికి ఇది ఎంత నష్టమో వేరే చెప్పాలా? చదువు తక్కువ ఉన్నవాళ్లలో, పల్లెల్లో, చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లలో గర్భసంచి తీయించుకోవడం ఎక్కువని సర్వే వివరాలను విశ్లేషించిన అధ్యయనాలు తేల్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది. మగవాళ్లలో వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లకే పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్నాక, ‘ఇంక గర్భసంచితో పనేముంది?’ అన్న మాట ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ సహజంగా వినిపిస్తుంది. పిల్లల్ని కనడం ఒక్కటే ఆడదాని ఒంటి పని అనుకునే సమాజంలో ఆ తర్వాత ఆమె ఒంటికి ఏమైనా ఎవరికీ పట్టదు. ఈ రెండు ఆపరేషన్లనూ విడివిడిగా చూడటం మానాలన్నది మా అభిప్రాయం.

ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని అనలేం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గర్భసంచి ఆపరేషన్ల మీద విమర్శలు రావడంతో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకం కింద వాటిని ప్రైవేటు ఆస్పత్రుల నుంచి తప్పించి సర్కారు ఆస్పత్రులకే కేటాయించింది. మంచి నిర్ణయమే. కానీ తర్వాత వచ్చిన రెండు సర్వేలూ పైన చెప్పిన అంకెలే చూపించాయి. పథకం డబ్బు ఆగింది, ఆపరేషన్లు ఆగలేదు. ఎందుకంటే రక్తస్రావంతో బాధపడే మనిషికి ఊరి దగ్గర వైద్యం దొరకలేదు. అప్పటి దాకా ప్రభుత్వం కట్టిన బిల్లు ఆమె అప్పు చేసి కట్టింది. పరిశోధన మొత్తం చదవకుండా అందులో ఒక్క ముక్క మీదే విధానం తయారుచేస్తే ఇలాగే అవుతుంది.

ఇది తెలుగు నేల ఒక్కదాని బాధ కాదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్లే కూలీల గురించి 2019లో ఒక కమిటీ విచారించింది. దాదాపు 82 వేల మంది ఆడవాళ్లను అడిగితే 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నామన్నారు. నెలసరి రోజుల్లో పని మానేస్తే కూలీ కోత, పైగా మేస్త్రీకి జరిమానా కట్టాలి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్లపై ప్రజారోగ్య కార్యకర్త డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం క్షేత్రస్థాయిలో సేకరించిన వివరాలే. పదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలు చేయాలని రాష్ట్రాలను కోర్టు ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది అందులో ముఖ్యమైన అంశం.

ఆ కమిటీలు పనిచేయాలంటే వాటి ముందు సమాచారం ఉండాలి. ప్రతి ఆస్పత్రీ, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, తాను చేసిన ప్రతి గర్భసంచి ఆపరేషన్ వివరాలు జిల్లా వైద్యాధికారికి పంపాలి: వయసు, కారణం, ముందు ఏ మందులు వాడారు, ఏ పరీక్షలు చేశారు, తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపితే ఏం తేలింది. పేర్లు అక్కర్లేదు, ఆడవాళ్ల గుట్టు బయటపడకూడదు. ఆస్పత్రుల పేర్లు మాత్రం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది, తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం ఉంది. ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ వాటి కిందే జరుగుతుంది కాబట్టి, లెక్క పంపని ఆస్పత్రికి రెన్యువల్ ఆపే పని అధికారులకు కష్టమేమీ కాదు. నిజంగా ఆపరేషన్ అవసరమైన వాళ్లకు అడ్డంకులు పెట్టమని మేము అనడం లేదు. క్యాన్సర్ వచ్చినవాళ్లకు, గర్భసంచి జారి నరకం చూస్తున్నవాళ్లకు, కాన్పులో రక్తం ఆగనివాళ్లకు అది ప్రాణం నిలిపే వైద్యం.

తెలంగాణ 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమం ఈ దిశలో సరైన అడుగు. మొదట వంద కేంద్రాల్లో మంగళవారం పూట ఆడవాళ్లకు ప్రత్యేకంగా పరీక్షలు చేసే ఏర్పాటు అది. ఇలాంటి చోట మహిళా డాక్టర్, హార్మోన్ లూప్, రక్తహీనతకు మందులు, క్యాన్సర్ పరీక్ష కచ్చితంగా దొరికితే నర్సింగ్ హోమ్ మెట్లెక్కే అవసరం చాలామందికి రాదు. ఆశా కార్యకర్తలకూ ఏఎన్‌ఎంలకూ ‘తెల్లబట్ట అంటే క్యాన్సర్ కాదు’ అని ఇంటింటికీ చెప్పే బాధ్యత ఇవ్వాలి. అయితే ఈ కార్యక్రమం వల్ల ఆపరేషన్లు తగ్గాయా లేదా అన్నది బయటి పరిశోధకులతో కొలిపించాలి. మంగళవారం ఎంతమంది వచ్చారన్న ప్రకటనలు దానికి సరిపోవు.

కోర్టు ఇచ్చిన మూడు నెలల గడువు 2023 జులైలోనే తీరిపోయింది. ఏయే జిల్లాల్లో కమిటీలు వేశారు, అవి ఎన్నిసార్లు కూర్చున్నాయి, ఎన్ని ఆపరేషన్లను పరిశీలించి ఎన్ని అనవసరమని తేల్చాయి, ఏ ఆస్పత్రి మీద చర్య తీసుకున్నాయి? ఈ వివరాలను రెండు తెలుగు ప్రభుత్వాలూ జిల్లాల వారీగా ప్రజల ముందు పెట్టాలి.