ఒక్క పొగ, నాలుగు సర్టిఫికెట్లు

ఫ్యాక్టరీ పొగ గురించి ఇన్నాళ్లూ మనం అనవసరంగా టెన్షన్ పడ్డాం. ఉక్కు మిల్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను తిని ఇథనాల్, అంటే పెట్రోలులో కలిపే ఆల్కహాల్, ఇచ్చే బ్యాక్టీరియా ఒకటుంది. పేరు క్లాస్ట్రిడియం ఆటోఇథనోజీనమ్. బెల్జియం శాస్త్రవేత్తలు దాన్ని కుందేలు పెంటికల్లోంచి వేరుచేసి 1994లో లోకానికి చెప్పారు. (పెంటికలు ఏరే డ్యూటీ ఆ ల్యాబ్‌లో జూనియర్‌కే పడి ఉంటుందని నా గట్టి నమ్మకం.)

దాన్ని పనిలో పెట్టుకున్నది 2005లో న్యూజిలాండ్‌లో పుట్టిన లాంజాటెక్ కంపెనీ. 2018లో చైనాలో షౌగాంగ్ ఉక్కు మిల్లు పక్కన మొదటి వాణిజ్య ప్లాంటు మొదలైంది, తర్వాత బెల్జియంలోని ఘెంట్‌లో ఆర్సెలర్‌మిత్తల్ ఉక్కు మిల్లు దగ్గర ఏడాదికి 8 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఇంకోటి, మన పానిపట్ రిఫైనరీలో ఇండియన్ ఆయిల్‌ది రోజుకు 128 కిలోలీటర్లది. ఇంతకన్నా మంచి ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు చెప్పండి? పీఆర్సీ అడగదు, డీఏ బకాయిలు అడగదు, నైట్ డ్యూటీ అంటే మొహం ముడవదు. దానికి తెలిసిన నిరసన ఒక్కటే, చచ్చిపోవడం. ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో ఇనియోస్ బయో వాళ్లు చెట్ల చెత్తను గ్యాస్‌గా మార్చి ఇలాంటి బ్యాక్టీరియాకే పెట్టారు, కాకపోతే ఆ భోజనంలో హైడ్రోజన్ సయనైడ్ అనే విషం కూడా కలిసి వచ్చింది. ప్లాంటు అనుకున్నంత ఇవ్వలేదు, 2016లో అమ్మకానికి పెట్టారు.

ఇక కిట్టనివాళ్లు తీసే లెక్క ఒకటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే మేతగా వేస్తే, ఆరు అణువులు తిని అది ఇచ్చేది ఒకే ఒక్క ఇథనాల్ అణువు. ఆరు కార్బన్లలో నాలుగు అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడతాయి, ఇథనాల్‌లో దాక్కున్న రెండూ కారులోనో విమానంలోనో కాలి అక్కడికే చేరతాయి, కాస్త ఆలస్యంగా, టికెట్ కొనుక్కుని. హైడ్రోజన్ తోడుంటే లెక్క చాలా బాగుపడుతుంది గానీ ఉక్కు కొలిమి గ్యాస్‌లో అది తక్కువ. ఆ మేరకు పెట్రోలు మిగిలింది కదా అంటారా, నిజమే, మిగిలింది. కానీ వృథా వృథా అంటున్న ఆ గ్యాస్‌ను చాలా మిల్లులు ఇప్పటికే వాడుకుంటున్నాయి, మన విశాఖ ఉక్కులో కూడా దానితో కొలుములు వేడి చేస్తారు, కరెంటు తీస్తారు. అది కాస్తా బ్యాక్టీరియాకు పెట్టేస్తే ఆ కరెంటు కోసం ఇంకెక్కడో బొగ్గు కాల్చాలి, ఆ బొగ్గు ఫొటో మాత్రం బ్రోచర్‌లో వెయ్యరు.

అసలు పులియబెట్టడం జరిగేది ట్యాంకులో కాదండీ, అకౌంట్స్ సెక్షన్‌లో. మిల్లు వాళ్లు మేం పొగ తగ్గించాం అంటారు. 2018 అక్టోబరులో వర్జిన్ అట్లాంటిక్ విమానం ఈ ఇథనాల్‌తో చేసిన ఇంధనం కలుపుకుని ఓర్లాండో నుంచి లండన్ ఎగిరింది, ఆ ఘనత వాళ్లది. 2021లో బట్టల కంపెనీ జారా ఈ ఇథనాల్‌తో చేసిన పాలిస్టర్‌తో గౌన్లు కుట్టించింది, 2023లో ఇదే ఇథనాల్‌తో ఫ్యాషన్ బ్రాండు గూచీ పేరుతో అత్తరు వచ్చింది. కుందేలు తోక కింద మొదలైన ప్రయాణం మెడ మీద చల్లుకునే సీసాలో తేలింది, ఈ మాట అత్తరు ప్రకటనలో ఎందుకు వేసుకోలేదో నాకర్థం కాదు. అదే పొగను మేమంటే మేము ఆదా చేశామని తలా ఒక సర్టిఫికెట్ పట్టుకుంటే, అది ఒకే పొలానికి నలుగురి పేర్న పాస్‌బుక్కులిచ్చినట్టే. ఈ విద్యలో మన రెవెన్యూ సిబ్బంది ప్రపంచానికే సలహాదారులుగా వెళ్లొచ్చు.

అయినా నా ఓటు బ్యాక్టీరియాకే. మన దగ్గర బియ్యంతో, మొక్కజొన్నతో ఇథనాల్ చేస్తున్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని రోడ్డెక్కారు. అన్నం తినే ఫ్యాక్టరీ కన్నా పొగ తినే పురుగు నయం కాదా?

సన్మానం దగ్గరే చిక్కు. దీనికి ఆక్సిజన్ పడదు, గాలి తగిలితే పని సరి, కాబట్టి స్టేజీ మీదికి పిలిచి దండ వెయ్యలేం. శాలువాలు ఎలాగూ కొనేసి ఉంటారు, అందుకని చైర్మన్ గారు, మంత్రి గారు, సర్టిఫికెట్ రాసిన కన్సల్టెంట్ గారు పెద్ద మనసు చేసుకుని తామే కప్పించుకుంటారు.