చేప దొరికింది కాబట్టి రాక్షసి కూడా ఉన్నట్టేనా?

స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సులో రాక్షసి ఉందనో, మెగలడాన్ అనే మహా సొరచేప సముద్రం అడుగున ఇంకా తిరుగుతోందనో ఎవరైనా అన్నప్పుడు ‘ఆధారం ఏది?’ అని అడిగి చూడండి. అటు నుంచి సీలకాంత్ అనే చేప పేరు రాకపోతే అడగండి. ‘ఆ చేప 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయిందన్నారు కదా, 1938లో బతికే దొరకలేదా? సైంటిస్టులకు అన్నీ తెలుసనుకుంటున్నారా?’ దీంతో అడిగినవాడి నోరు మూతపడాలన్నమాట.

నాకు ఈ వాదన అంటే మహా ముచ్చట. ఎవరు వాడితే వాళ్ల మెడకే చుట్టుకునే వాదన ఇది. ఆ చేప ఎలా దొరికిందో తెలిసినవాళ్లు దాన్ని రాక్షసి తరఫున సాక్షిగా పిలవరు.

1938 డిసెంబర్ 22. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవు. నెరీన్ అనే ట్రాలర్ చేపలు దించుతోంది. వలలో వింతవి ఏమైనా పడితే దాని కెప్టెన్ ఊళ్లోని చిన్న మ్యూజియానికి కబురు పెడుతుండేవాడు. ఆ మ్యూజియం చూసుకునే మార్జొరీ కోర్ట్నీ-లాటిమర్ ఆ రోజు కబురు అందుకుని వెళ్తే, చేపల గుట్ట కింద నుంచి ఓ నీలి రెక్క కనిపించింది. లాగి చూస్తే అయిదడుగుల చేప. 57 కిలోల పైచిలుకు బరువు, గట్టి పొలుసులు, పొట్టి కాళ్లలా కండపట్టిన రెక్కలు. కంపు కొట్టే ఆ చేపను ఎక్కించుకోనని ట్యాక్సీ డ్రైవర్ మొరాయించాడు. బతిమాలి మ్యూజియానికి చేర్చింది. అక్కడ డిసెంబర్ అంటే మండు వేసవి. కాసేపు మీ దగ్గర ఉంచమంటే శవాగారం వాళ్లు కుదరదన్నారు, కోల్డ్ స్టోరేజీ వాళ్లూ కాదన్నారు. ఇక చేసేదేం లేక, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో తడిపిన పేపర్లూ దుప్పటీ చుట్టబెట్టింది. చేపల నిపుణుడు జె.ఎల్.బి. స్మిత్‌కు బొమ్మ గీసి ఉత్తరం రాసింది. ఆయన సెలవుల్లో వేరే ఊళ్లో ఉన్నాడు. జవాబు వచ్చేలోపే లోపలి భాగాలు కుళ్లిపోయి పారేయాల్సి వచ్చింది. స్టఫ్ చేసిన చర్మం మాత్రం మిగిలింది.

ఆ బొమ్మ చూడగానే స్మిత్‌కు అర్థమైపోయింది, అది ఏమిటో. అయినా పేపర్లకు ఎక్కలేదు. ఫిబ్రవరిలో స్వయంగా వచ్చి, దాని చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, అప్పుడు అన్నాడు సీలకాంత్ అని. అక్కడితో ఆగాడా? లోపలి అవయవాలు చూడలేదన్న వెలితి ఆయన్ను పద్నాలుగేళ్లు నిద్రపోనివ్వలేదు. ఫొటో వేసి, మూడు భాషల్లో కరపత్రాలు అచ్చు కొట్టించి, ఇంకొకటి తెచ్చినవాళ్లకు 100 పౌండ్ల బహుమతి అని తూర్పు ఆఫ్రికా తీరమంతా పంచిపెట్టాడు. 1952 డిసెంబర్‌లో కొమొరోస్ దీవుల్లో రెండోది పడిందని కబురొస్తే, అది కుళ్లిపోతుందన్న టెన్షన్‌లో ఏకంగా దేశ ప్రధానికే ఫోన్ చేసి మిలిటరీ విమానం అడిగాడు. ఆయన ఇచ్చాడు కూడా! తీరా వెళ్తే, ఆ దీవుల జాలర్లకు అది పాత చేపే. ‘గొంబెస్సా’ అని పేరు కూడా ఉంది.

ఇందులో నమ్మకం గొప్పదని చెప్పే ఘట్టం ఎక్కడుందో నాకైతే కనపడలేదు. మొదటి నుంచీ చివరిదాకా కనిపించేది అనుమానమే. బొమ్మ చాలదు, చేప కావాలి. చర్మం చాలదు, పేగులు కావాలి. ఒకటి చాలదు, రెండోది కావాలి. ఇంకో సంగతి. 1938లో దొరికింది శిలాజాల్లో కనిపించిన అదే పాత చేప కాదు, ఆ వంశంలోనే వేరే ప్రజాతి. కోట్ల ఏళ్లపాటు ఏ మార్పూ లేకుండా దాక్కున్న జీవి అన్నది పేపర్లు అల్లిన కథ.

ఇప్పుడు ఇంకో పడవ దగ్గరికి వెళ్దాం. 1977 ఏప్రిల్‌లో న్యూజిలాండ్ తీరానికి దూరంగా జుయియో మారు అనే జపాన్ ట్రాలర్ వలలో పది మీటర్ల కళేబరం పడింది. 1,800 కిలోల బరువు. చిన్న తల, పొడవాటి మెడ, పక్కన తెడ్ల లాంటి రెక్కలు. ఆ కంపు మిగతా చేపలకు అంటుకుంటుందని కెప్టెన్ దాన్ని తిరిగి సముద్రంలోకి తోయించేశాడు. ఆ లోపే సిబ్బందిలో ఒకాయన కొన్ని ఫొటోలు తీసి, రెక్క నుంచి కాసిన్ని పీచులు కోసి పెట్టుకున్నాడు. ఫొటోలు చూసిన జపాన్ ఊగిపోయింది. డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపం ప్లీసియోసార్ బతికే ఉందని హెడ్‌లైన్లు. ఆ పీచుల్లోని అమైనో ఆమ్లాలు పరీక్షిస్తే, సొరచేపల రెక్కల్లో ఉండే ప్రొటీన్‌తో సరిపోయాయి. అది బాస్కింగ్ షార్క్. ఆ సొరచేప కుళ్లేటప్పుడు వేలాడే దవడలూ మొప్పలూ ముందు ఊడిపోతాయి. మిగిలేది బుల్లి పుర్రె, దాని వెనక వెన్నెముక. అంటే బుల్లి తల, పొడవు మెడ. రాక్షసిని తయారు చేసింది కుళ్లు. గుప్పెడు పీచులు చాలు విషయం తేలడానికి. వంద ఫొటోలు చాలవు.

లాక్ నెస్ సంగతికొస్తే, 1934 నాటి ఆ ప్రసిద్ధ ఫొటోలోని మెడ ఓ ఆట సబ్‌మెరీన్‌కు అతికించిందని 1994లో బయటపడింది. నీళ్లలో డీఎన్ఏ వెతికి 2019లో ఫలితాలు చెప్పినవాళ్లకు సరీసృపాల ఆనవాలే దొరకలేదు, ఈల్ చేపలవి మాత్రం బోలెడు. దాని మీద ఇంతకంటే సమయం పెట్టడం దండగ.

మెగలడాన్ మాత్రం ఆసక్తికరం. ఎందుకంటే దాని అభిమానుల ‘సముద్రాన్ని మనం పూర్తిగా చూశామా?’ అన్న ప్రశ్న తెలివైనది. చూడలేదు, నిజమే. అయితే దాన్ని మనం చూడనక్కర్లేదు, దాని పళ్లు చాలు. సొరచేపలు జీవితాంతం పళ్లు రాల్చుకుంటూనే ఉంటాయి, ఒక్కో దానికి వేలల్లో. మెగలడాన్ పళ్లు అరచేతిని మించిన సైజులో చాలా ఖండాల్లో దొరుకుతున్నాయి. కానీ నమ్మదగిన తేదీ ఉన్నవాటిలో 36 లక్షల ఏళ్ల కంటే కొత్తది లేదు. పైగా అది వెచ్చటి నీళ్లలో, తీరాల దగ్గర తిమింగలాలను తిని బతికిన జంతువు. చల్లటి చీకటి అగాధంలో ఏం తిని దాక్కుంటుంది? సీలకాంత్ అలా కాదు. లోతు నీళ్లలో రాతి గుహల్లో ఉండే, పెద్దగా కదలని చేప. అది కనపడకపోవడానికి కారణం ఉంది. ఈ రెంటికీ ముడిపెట్టడం అంటే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే. 2013లో ఒక పెద్ద టీవీ చానల్ నటులను సైంటిస్టులుగా చూపించి మెగలడాన్ బతికే ఉందని ఓ ప్రోగ్రామ్ వేసింది. చివర్లో కళ్లు మూసి తెరిచేలోపు పోయే ఓ గమనిక. అంతే వాళ్ల నిజాయితీ.

అవతలి పక్షం మాటా వినాలి. అనుమానం ముదిరితే అహంకారం అవుతుందంటారు. ఒప్పుకుంటా. 1799లో బాతు ముక్కున్న జంతువు ప్లాటిపస్ చర్మాన్ని వర్ణించిన శాస్త్రవేత్త జార్జ్ షా, ఎవరో బాతు ముక్కు తెచ్చి అతికించారేమోనని అనుమానం దాచుకోలేదు. జిరాఫీ చుట్టమైన ఒకాపిని ఆఫ్రికా అడవి జనం ఎరిగిన ఎన్నాళ్లకో, 1901లో గానీ సైన్స్ గుర్తించలేదు. కానీ షా అనుమానపడుతూనే దానికి పేరు పెట్టి పుస్తకానికి ఎక్కించాడు. ఒకాపి చర్మం, పుర్రె రాగానే వాదన ముగిసింది. అనుమానం రెండు వైపులా పదునున్న కత్తి. మొసలి కన్నీరు ఉత్త కట్టుకథ అనుకునేవాళ్లం కదా? 2007లో అమెరికాలో మొసళ్ల చుట్టాలైన ఎలిగేటర్లకూ కేమన్లకూ మేత పెట్టి చూస్తే, ఏడింటిలో అయిదింటికి తింటుండగా కళ్లలో నీళ్లు తిరిగాయి. పశ్చాత్తాపం అయితే కాదు లెండి.

అసలు నా కోపం రాక్షసి కథల మీద కాదు, సూటూ బూటూ వేసుకుని వచ్చే వాటి మీద. 2025 ఏప్రిల్‌లో కొలోసల్ అనే అమెరికా కంపెనీ, పదివేల ఏళ్ల కిందట అంతరించిన డైర్ వుల్ఫ్ అనే తోడేలు లాంటి జంతువును తిరిగి పుట్టించామని ప్రకటించింది. తెల్లటి పిల్లలు, ఊళలు, మ్యాగజైన్ కవర్లు. చేసిందేమిటి? మామూలు బూడిదరంగు తోడేలు కణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు. డైర్ వుల్ఫ్ వంశం తోడేళ్ల వంశం నుంచి విడిపోయి సుమారు 57 లక్షల ఏళ్లయిందని 2021లోనే పరిశోధన వచ్చింది. కొన్ని వారాలకే ఆ కంపెనీ ప్రధాన శాస్త్రవేత్తే అవి 20 మార్పులు చేసిన బూడిదరంగు తోడేళ్లని అంది. పనిలో నైపుణ్యం ఉంది, కాదనను. కానీ ‘పుట్టించాం’ ప్రపంచమంతా తిరిగింది, ‘తోడేళ్లే’ ఎంతమందికి చేరింది?

తోడేలు అన్నాం కాబట్టి, నన్ను ఎన్నాళ్లుగానో సతాయిస్తున్న మాట ఒకటి చెప్పేస్తాను. జంతువుల మీద పుట్టే అబద్ధాల్లో సగం అసలు జంతువుల గురించి కావు. మనుషుల గురించి చెప్పాలనుకున్నదానికి జంతువును దొంగ సాక్షిగా నిలబెడతాం. జనం గొర్రెల్లా చస్తారని చెప్పడానికి లెమ్మింగులనే ఎలుకల్లాంటి చిన్న జీవులు దొరికాయి. అవి గుంపుగా సముద్రంలో దూకి చచ్చే దృశ్యం 1958 నాటి ఓ డాక్యుమెంటరీలో చూపించారు. వేరే చోటు నుంచి కొని తెచ్చి, కెమెరా ముందు నీళ్లలోకి తోసి తీసిన సీన్ అది. దూకింది నది పక్క, చూపించింది సముద్రం. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది.

బాసులకు దొరికింది ‘ఆల్ఫా’, అంటే కొట్లాడి గెలిచి గుంపును ఏలే తోడేలు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో ఇరుకు ఆవరణలో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి, పెత్తనం కోసం కొట్లాటలు ఉంటాయని రాశాడు. జైల్లో ఖైదీలను చూసి కుటుంబ వ్యవస్థ మీద పుస్తకం రాసినట్టుంది ఇది. 1970లో తోడేళ్ల నిపుణుడు డేవిడ్ మెక్ తన పుస్తకంలో అదే మాట రాస్తే ప్రపంచమంతా పాకింది. తర్వాత ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఏటా ఎండాకాలం అడవి తోడేళ్ల మధ్య గడిపాడు. అక్కడ ఆయన చూసిన గుంపు అంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు. కొట్లాడి గెలిచిన నాయకుడు లేడు. పిల్లల్ని కన్నాడు కాబట్టి తండ్రి ముందు నడుస్తున్నాడు. 1999లో పరిశోధన పేపర్ రాసి తన పాత మాట తానే తప్పన్నాడు. పుస్తకం అచ్చు ఆపమని పబ్లిషర్‌ను ఏళ్ల తరబడి అడిగాడు. 2022లో ఆపారు. ‘ఆల్ఫా మేల్ అవడం ఎలా?’ అని నేర్పే కోర్సులు మాత్రం ఫుల్ రేటుకు అమ్ముడుపోతూనే ఉన్నాయి.