"అడిగితే ఇస్తాం" అని రాయడం ఎందుకు మరి?

పరిశోధన పేపర్ల చివర్లో ఒక లైను ఉంటుంది. "ఈ అధ్యయనం తాలూకు డేటాను సరైన కారణంతో అడిగినవారికి అందజేస్తాం" అని. ల్యాబుల్లో పనిచేసేవాళ్లందరికీ ఆ లైను తెలుసు. పక్క వీధిలోని ఇంకో సంస్థవాళ్లని నేను సరైన కారణంతోనే అడిగాను. గౌరవంగా, మా గైడ్‌గారిని కూడా కాపీలో పెట్టి అడిగాను. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మళ్లీ రాశాను. ఈరోజు పొద్దున్న వచ్చింది జవాబు. డేటా కావాలంటే మేం వేయబోయే పేపర్లో వాళ్ల విభాగాధిపతి పేరు, ఆయన చెప్పిన ఇంకో ఇద్దరి పేర్లు రచయితలుగా పెట్టాలట. ఆ ఇద్దరిలో ఒకరికి ఈ పనితో ఏ సంబంధమూ లేదు. పైగా మా విశ్లేషణ ముందు వాళ్లకు చూపించి, వాళ్లు సరేనంటేనే జర్నల్‌కి పంపాలట. ఇంకా ఒళ్లు మండిపోతూనే ఉంది.

అడిగింది పెద్ద రహస్యమేమీ కాదు. తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని పుట్టుజబ్బు) ఉన్న కొందరు పిల్లలకు హైడ్రాక్సీయూరియా ఇస్తే, పుట్టకముందు మనందరిలో ఉండే పిండ దశ హిమోగ్లోబిన్ మళ్లీ పెరుగుతుంది. రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. ఇంకొందరికి అదే మందు ఇచ్చినా ఏ మార్పూ ఉండదు. తేడా ఎక్కడుందో తెలియాలంటే వాళ్ల రక్త మూలకణాల్లో, అంటే రక్తకణాలన్నిటినీ పుట్టించే కణాల్లో, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి ఆగిపోయాయో చూడాలి. మా దగ్గరున్న శాంపిల్స్ అందుకు చాలవు. వాళ్ల దగ్గరున్నవీ చాలవు. రెండూ కలిపితే ఏదో ఒకటి తేలొచ్చు. ఇది వాళ్లకి అర్థం కాలేదంటే నేను నమ్మను. అర్థమైంది. ఇవ్వడం ఇష్టం లేదు, అంతే.

అసలు ఆ డేటా ఎవరిది? రక్తం ఎక్కించే డే కేర్ వార్డులో ఒక పూట కూర్చుని చూడండి. తెల్లవారుజామున జిల్లాల్లో బస్సెక్కి వచ్చిన తల్లులు ఉంటారు. రెండు మూడు వారాలకోసారి పిల్లాణ్ని వెంటబెట్టుకుని రావాలి. ఆ రోజు కూలి పోతుంది. రక్తం దొరుకుతుందో లేదో అని దారంతా టెన్షన్. అలాంటి ఒకామెను శాంపిల్ కోసం సంతకం అడిగాను. ఫారం పూర్తిగా చదివి వినిపించకముందే, "ఇంకో తల్లికి ఈ తిప్పలు తప్పుతాయంటే తీసుకోండి మేడం" అంది. తర్వాత కనిపించిన ప్రతిసారీ "ఏమైనా తెలిసిందా మేడం" అని అడుగుతుంది. ఆమెకి ఏం చెప్పను? పెద్ద సార్ పేరు ఎక్కడ పెట్టాలో తేలలేదు, అందుకే నీ కొడుకు సంగతి ఆగిపోయిందని చెప్పనా? ఆమె ఏ షరతూ పెట్టలేదు. తన పేరు ఎక్కడా రాదని తెలిసే ఇచ్చింది. ఆమెలాంటి తల్లులు ఇచ్చిన రక్తాన్ని ఫ్రీజర్లో పెట్టి తాళం వేసుకునే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు?

మేం పనిచేసే ఈ రక్త మూలకణాల రంగం ఇలా పుట్టలేదండీ. 1958 అక్టోబరులో, అప్పటి యుగోస్లావియాలోని వించా అణు పరిశోధన కేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురు రేడియేషన్ బారిన పడ్డారు. వాళ్లను విమానంలో పారిస్‌కి తరలించారు. డాక్టర్ జార్జ్ మాతే బృందం వాళ్లలో ఐదుగురికి వేరేవాళ్ల ఎముక మజ్జ (రక్త మూలకణాలు ఉండేది అందులోనే) ఎక్కించింది. ఆ మజ్జ ఇచ్చింది ఫ్రెంచ్ వాళ్లు. రోగులది వాళ్ల దేశం కాదు, వాళ్ల భాష కాదు, ముందు ముఖపరిచయం కూడా లేదు. దాత కణాలు రోగికి సరిపోతాయో లేదో చూసే పరీక్షలు లేని రోజులవి. ఎక్కించిన మజ్జ ఎక్కువకాలం నిలవలేదు, ఒకరు చనిపోయారు, మిగతావాళ్లు కోలుకున్నారు. అయినా ముక్కూమొహం తెలియని మనిషి కోసం సూది గుచ్చించుకున్నవాళ్ల మీద నిలబడిన శాస్త్రం ఇది.

సరిపోతాయో లేదో చూసే పరీక్షలు వచ్చిన తీరు ఇంకా గొప్పది. తెల్లకణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు దాతకీ రోగికీ ఎంత బాగా కలిస్తే మజ్జ మార్పిడి అంత బాగా నిలుస్తుంది. పారిస్‌లో జాన్ దోసే, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యాన్ వాన్ రూడ్, స్టాన్‌ఫర్డ్‌లో రోజ్ పేన్ 1958 ప్రాంతంలో ఎవరి దారిన వాళ్లు వీటి ఆనవాళ్లు పట్టుకున్నారు. చిక్కేమిటంటే ఒక్కో ల్యాబుది ఒక్కో పద్ధతి. ఒకే గుర్తుకి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. 1964లో బెర్నార్డ్ ఏమస్ అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి అందర్నీ పిలిచారు. పక్కపక్కన కూర్చుని, ఒకే మనుషుల కణాల మీద, ఎవరి పద్ధతిలో వాళ్లు పరీక్ష చేశారు. ఫలితాలు ఒకరివి ఒకరితో సరిగా కలవనే లేదు. మన దగ్గరైతే ఆ దెబ్బకి మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వాళ్లు 1965లో లైడెన్‌లో మళ్లీ కూర్చున్నారు, 1967లో ట్యూరిన్‌లో మళ్లీ కూర్చున్నారు. పరీక్షలకు వాడే సీరం (కణాలు తీసేశాక రక్తంలో మిగిలే ద్రవం) సీసాలు పంచుకున్నారు. అందరూ ఒకే పేర్లు వాడాలని ఒప్పుకున్నారు.

ఆ సీరం ఎక్కడిదో తెలుసా? చాలావరకు పలు కాన్పులైన స్త్రీలది. కడుపులోని బిడ్డకి తండ్రి నుంచి వచ్చిన గుర్తులు తల్లి రక్తానికి తగిలితే, వాటికి వ్యతిరేకంగా ఆమెలో యాంటీబాడీలు తయారవుతాయి. ఆ యాంటీబాడీలతోనే ఎవరి గుర్తులేమిటో పోల్చగలిగారు. అక్కడా ఇచ్చింది తల్లులే, ఇక్కడా ఇస్తున్నది తల్లులే. మధ్యలో కూర్చున్నవాళ్లే మారారు.

1980లో నోబెల్ దోసేకి వచ్చింది. వాన్ రూడ్‌కి రాలేదు, పేన్‌కీ రాలేదు. వాన్ రూడ్ తలుపులు మూసుకుని కూర్చున్నారా? లేదు. దేశదేశాల మజ్జ దాతల వివరాలను ఒక్కచోట చేర్చే పని 1988లో లైడెన్‌లో మొదలైంది, దాని వెనకున్నది ఆయనే. ఇప్పుడా ప్రపంచ జాబితాలో 4 కోట్లకు పైగా దాతలున్నారు. జనాభా ఎనిమిదిన్నర కోట్లు లేని జర్మనీలోనే దాతలు సుమారు కోటిమంది. 140 కోట్లు దాటిన మన దగ్గర ఉన్నది కొన్ని లక్షలు. అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో తెల్లవాళ్లకి పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవాళ్లకి 47 శాతం. డల్లాస్‌లో ఉన్న తెలుగు పిల్లాడికి లుకేమియా వచ్చి, ఇంట్లో ఎవరివీ సరిపోకపోతే, ఆ పిల్లాడికి సరిపోయే మనిషి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండొచ్చు. కానీ ఆ మనిషి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ఇస్తే చాలు, పేరు నమోదవుతుంది. ఆ మాత్రానికే ఇంట్లోవాళ్లు "నీకెందుకురా ఊళ్లోవాళ్ల గొడవ" అంటారు. డిగ్రీలు లేని ఇంట్లో అంటే భయం అనుకోవచ్చు. పీహెచ్‌డీలు ఉన్న ల్యాబులో అదే మాట అంటే ఏమనుకోవాలి?

నేను చేసే పని విషయానికే వస్తాను. పిండ దశ హిమోగ్లోబిన్‌ను ఆపేసే స్విచ్ బీసీఎల్11ఏ అనే జన్యువు. ఆ సంగతి ఒక్క ల్యాబులో తేలలేదు. లండన్‌లో ఒక బృందం, సార్డీనియా దీవిలో రక్తమిచ్చిన వేలమంది మామూలు జనం, బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్, ఇంతమంది చేతులు పడితే 2008 నాటికి తేలింది. ఇప్పుడు రోగి మూలకణాలు బయటికి తీసి, జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ స్విచ్‌ను దెబ్బతీసి, మళ్లీ ఎక్కించే కాస్జెవీ అనే చికిత్స ఉంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఆమోదించాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. జనం ఊరికే ఇచ్చిన రక్తంతో మొదలైన దారి చివర నిలబెట్టిన టోల్‌గేటు అది. మన వార్డులో కూర్చున్న తల్లి దాన్ని ఏ జన్మలో దాటుతుంది? ఇక్కడి ల్యాబులు కలిసి చవకైన దారి వెతకకపోతే ఆమె కోసం ఇంకెవరు వెతుకుతారు?

మనవల్ల కాదనే మాట మాత్రం అనకండి. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో 1986 నుంచి మజ్జ మార్పిడులు జరుగుతున్నాయి. అక్కడివాళ్లే అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీతో కలిసి రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా-ఏ జబ్బు ఉన్న ఐదుగురి రక్త మూలకణాల్లో, గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్-8 జన్యువును చేర్చి తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో ఆ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. చికిత్స తర్వాత గమనించినంతకాలం ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. ఆ పేపర్ చదివిన రోజు మా ల్యాబులో పండగలా ఉంది. అట్లాంటాతో కలిసి పని జరుగుతుంది. మనకి మాత్రం పక్క వీధిలోని సంస్థతో కుదరదు.

"ఇస్తే మాకంటే ముందే పేపర్ వేసేసుకుంటారు" అని భయపడేవాళ్లున్నారు. చిన్న ల్యాబుల భయం నిజమే, నాకూ ఉంది. దానికి ఒక కాగితం మీద ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది. కానీ వీళ్లు పేపర్ వేసేసుకున్నాక కూడా ఇవ్వరు! పైగా డబ్బు ఎవరిది? ప్రభుత్వానిది. జర్నల్స్ చదువుకోవడానికి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద మూడేళ్లకు 6,000 కోట్లు ఇస్తున్నారు. చాలా మంచి పని. ఇంతకుముందు ఒక్క పేపర్ కోసం అమెరికాలో ఉన్న స్నేహితుల్ని బతిమాలుకున్నవాళ్లం. కానీ అదే ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన డేటాను ఇంకో ప్రభుత్వ సంస్థకి ఇవ్వనివాణ్ని ఒక్కరైనా ప్రశ్నించారా? తర్వాతి గ్రాంటు ఆపారా?

ఇదంతా రాస్తుంటే మా వదిన ఫోన్ చేసింది. మా పెద్దమ్మ కోడలు. ఏడో నెల. బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకు ఏజెంటు క్లినిక్ దగ్గరే పట్టుకున్నాడట. "80 రకాల జబ్బులకి మందు మేడం, ఇప్పుడు దాచకపోతే రేపు పిల్లకి ఏమైనా అయితే జీవితాంతం బాధపడతారు" అన్నాడట. కడుపుతో ఉన్న మనిషితో అనే మాటేనా అది? ఈఎంఐ కూడా ఇస్తారట. "నువ్వు ఆ స్టెమ్ సెల్స్ పనే కదా చేస్తావు, కట్టేయమంటావా" అని అడుగుతోంది. ఈ కోపం నాకు చాలా ఏళ్లనాటిది.

బొడ్డుతాడు రక్తంలోనూ మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఉంటాయి. దానితో మొదటి మార్పిడి 1988లో జరిగింది. ఫాంకోనీ అనీమియా అనే జన్యు జబ్బుతో మజ్జ దెబ్బతిన్న అమెరికా పిల్లాడు. అతని చెల్లెలికి ఆ జబ్బు లేదని కడుపులో ఉండగానే న్యూయార్క్‌లో తేల్చారు. ఆ పాప పుట్టినప్పుడు తీసిన బొడ్డుతాడు రక్తాన్ని ఇండియానాపోలిస్‌లో హాల్ బ్రాక్స్‌మైయర్ ల్యాబు గడ్డకట్టించి భద్రపరిచింది. పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మాన్ దాన్ని ఆ పిల్లాడికి ఎక్కించారు. పిల్లాడు బతికాడు. అక్కడ పనికొచ్చింది చెల్లెలి రక్తం, తన రక్తం కాదు. తలసీమియా లాంటి జన్యు జబ్బుతో పుట్టిన బిడ్డకి తన బొడ్డుతాడు రక్తం ఎక్కిస్తే ఏమొస్తుంది? అదే లోపం ఉన్న కణాలే మళ్లీ వస్తాయి. ఆ ఏజెంట్లు చెప్పే జాబితాలో ఎక్కువ జబ్బులకి వాడేది వేరేవాళ్ల కణాలనే. ప్రైవేటుగా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫార్సు చేయదు. ఇంట్లో అప్పటికే మార్పిడి అవసరమైన అన్నో అక్కో ఉంటే ఆ సంగతి వేరు. ఊరందరికీ పనికొచ్చేలా పబ్లిక్ బ్యాంకులో చేరాల్సిన రక్తాన్ని ఎవరి లాకర్లో వాళ్లు పెట్టుకునేలా చేశారు. దానికి వేలకు వేలు వసూలు చేస్తున్నారు.

వదినకి కట్టొద్దనే చెప్పాను. ఆ ఏజెంటు రేపు సాయంత్రం ఇంటికే వస్తాడట. నన్నూ రమ్మంది, వెళ్తున్నాను. మీ బ్యాంకు పెట్టినప్పటి నుంచి ఎంతమంది పిల్లలకి వాళ్ల సొంత రక్తమే తిరిగి ఎక్కించారు, ఏ జబ్బుకి, ఏ ఆస్పత్రిలో అని అడుగుతాను. నోటిమాట కాదు, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను.