టోయింగ్ కెపాసిటీ గారికి, 24 పౌండ్ల విషయమై

మహారాజశ్రీ టోయింగ్ కెపాసిటీ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మామూలుగా ఉత్తరాల్లో ఈ మాట ఊరికే రాసేస్తాం, ఈసారి మాత్రం వేళ్లు లెక్కపెట్టుకుని రాస్తున్నాను: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, అత్తయ్యగారు, మామయ్యగారు, ఐదుగురమూ క్షేమం. మా పికప్ ట్రక్ ఎంత బరువు లాగగలదో చెప్పే అంకెగా, తమరు కూడా ట్రక్ బ్రోషర్‌లో కొండా సూర్యాస్తమయం ఫొటో కింద, అంతేసి అక్షరాలతో, 11,200 పౌండ్లుగా వర్ధిల్లుతున్నారని తలుస్తాను.

మొన్న శనివారం మధ్యాహ్నం 98 డిగ్రీల ఎండలో, రెండున్నర గంటలసేపు, ఒక ట్రక్ స్టాప్ పార్కింగ్‌లో మోకాళ్ల మీద కూర్చుని తమరినే తలుచుకున్నాను. ఆ తలపులన్నీ రాయడానికి వీలైనవి కావు. వీలైనవి రాస్తున్నాను.

ట్రక్‌కి క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని, డాలస్ నుంచి టెక్సస్‌లోనే అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్ అనే లోయకి బయల్దేరాం. 287 హైవే. విచిటా ఫాల్స్ దాటాక ఆ రోడ్డు మీద ఏముంటుందో వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, గాలి ఉంటుంది. రోడ్డేమో వాయవ్యానికి పోతుంది, ఆ రోజు గాలేమో నైరుతి నుంచి, అంటే సరిగ్గా డొక్కలోకి. ముప్పై అడుగుల ట్రైలర్ పక్కగోడ అంటే తెరచాపే. వెర్నన్ దాటాక పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. అది తోసిన గాలికి ట్రైలర్ ముందు అటు జరిగింది, తర్వాత ఇటు గుంజుకొచ్చింది, లారీ వెళ్లిపోయి కనుచూపు మేరలో లేకపోయినా మా ట్రైలర్ మాత్రం ఊగుతూనే ఉంది. కుడి అద్దంలో కనబడుతుంది, మాయమై ఎడమ అద్దంలో తేలుతుంది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. స్పీడు 68 మైళ్లు.

నా కాలు బ్రేక్ మీదకి వెళ్లింది. వెళ్లకూడదు. ట్రక్ స్పీడు తగ్గితే వెనకున్న ఏడు వేల పౌండ్లు ముందుకి తోసుకొచ్చి ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్‌కి విడిగా ఉండే చిన్న మీటని చేత్తో నొక్కాలి, అప్పుడు ట్రైలరే వెనక్కి లాగి పట్టి వరసలోకి వస్తుంది. ఇదంతా నాకు తెలుసు. వీడియోలు బోలెడు చూశాను. కానీ చూసింది నేను, నా కాలు చూడలేదు. ఎన్నో ఊపుకి చెయ్యి ఆ మీట దగ్గరికి చేరిందో గుర్తులేదు. అత్తయ్యగారు ఆంజనేయస్వామిని పిలవడం మటుకు గుర్తుంది.

రోడ్డు పక్కకి తీసి ఆపాక మామయ్యగారు ఒక్కటే అన్నారు. "అల్లుడుగారూ, బండి వెనకబరువైంది. పొద్దున చెబితే మీరు విన్లేదు."

నిజమే, విన్లేదు. పొద్దున ట్రైలర్ తగిలించగానే ట్రక్ వెనకభాగం కుంగి, ముక్కు ఆకాశం చూస్తోంది. ట్రైలర్ ముందు భాగంలో బరువెక్కువైందనుకుని నేను పనిముట్ల పెట్టె, నీళ్ల సీసాల కేసులు, గ్రైండర్, బియ్యం బస్తా అన్నీ మోసుకెళ్లి ట్రైలర్ వెనక గదిలో పెట్టాను. పైగా నీళ్ల ట్యాంకు నిండా పట్టాను. నలభై గ్యాలన్లు, అంటే 330 పౌండ్ల పైచిలుకు, అదీ ఇరుసుకి వెనకే. మామయ్యగారు చుట్టూ తిరిగి చూసి "వెనక్కి మొగ్గుతుందేమో" అన్నారు. "ఇది ఎద్దుల బండి కాదండీ మామయ్యగారూ" అని నవ్వాను. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు బండ్ల మీద తోలిన మనిషితో! బరువు ఇరుసుకి కాస్త ముందుండి నొగ మీద కొంచెం పడాలి, వెనక్కి మొగ్గితే కాడి ఎద్దుల మెడ మీంచి లేస్తుంది అని ఆయనకి తెలుసు. ఆ నొగ మీద పడేదాన్నే ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు, ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా ఉండాలంటారు. నేను సామాను సర్దాక మాది ఎనిమిది శాతం చిల్లర. ఊగక ఏం చేస్తుంది?

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ తమరి దగ్గరికి వచ్చేది ఇక్కడే. అసలు ట్రక్ ఎందుకు కుంగింది? 11,200 లాగగలదని తమరు సెలవిచ్చారు, మేం తగిలించింది 7,400. మూడో వంతు ఖాళీయే ఉంది కదా.

డ్రైవర్ తలుపు తీస్తే డోర్ ఫ్రేమ్ మీద చిన్న స్టిక్కర్ ఒకటుంటుంది, పసుపూ తెలుపూ, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. మా ట్రక్‌కి 1,480. నొగ మీద పడే బరువు కూడా ట్రక్ మోసేదే కాబట్టి అదీ ఈ 1,480లోంచే పోవాలి. మూడేళ్లుగా రోజుకి నాలుగుసార్లు ఆ తలుపు తీసి మూస్తున్నాను. ఎప్పుడూ చదవలేదు. తమరు కొండ ఫొటో కింద, పాపం అది తలుపు చాటున.

కాసేపు లెక్క చేద్దాం. తమరు చెప్పినట్టే 11,200 పౌండ్ల ట్రైలర్ తగిలించామనుకోండి. టంగ్ వెయిట్ పదమూడు శాతం, మరీ ఎక్కువేం కాదు. 1,456. స్టిక్కర్ 1,480. మిగిలింది ఎంతండీ?

ఇరవై నాలుగు పౌండ్లు.

ఇరవై నాలుగు పౌండ్లలో డ్రైవర్ ఎక్కాలి. ట్రైలర్‌ని ట్రక్‌కి తగిలించే హిచ్ సామాను ఒక్కటే తొంభై పౌండ్లు, అది ఇంకా లెక్కలోకే రాలేదు. ఎవరు తోలాలయ్యా ఆ బండి? మా అమ్మాయి స్కూలు బ్యాగు తోలుతుందా? దాని బరువు కూడా దాదాపు అంతే.

ఇక 'తమరు' రాయలేను, నువ్వే. నువ్వెక్కడ పుట్టావో కూడా చదివాను. ట్రక్ ఎంత లాగగలదో తేల్చడానికి ఎస్ఏఈ జె2807 అని ఒక ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డామ్ దగ్గర పదకొండు మైళ్ల పైచిలుకు ఎగువ రోడ్డు మీద, నూరు డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని, ట్రైలర్ లాగిస్తారు. బాగుంది, గట్టి పరీక్షే, కాదన్ను. మరి ట్రక్‌లో ఎవరున్నట్టు లెక్క? ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కేజీలు. టంగ్ వెయిట్ పది శాతం. అంతే. అంటే 1,480లోంచి 1,120 పోతే 360, అందులో ఆ సన్నటి ఇద్దరూ హాయిగా సరిపోయారు! ఎవరయ్యా వాళ్లు? వాళ్లకి పిల్లల్లేరు. బీ-2 వీసా మీద ఆర్నెల్లకి వచ్చిన అత్తమామల్లేరు. వాళ్లు మాగాయ జాడీ తెచ్చుకోరు. ఇరవై పౌండ్ల సోనా మసూరి తెచ్చుకోరు. కొండల్లో ఇడ్లీ తినాలనిపించదు కాబట్టి గ్రైండర్ తెచ్చుకోరు. కుర్చీలు, కూలర్, జనరేటర్, ఏమీ లేవు. ఇద్దరూ ఖాళీ చేతులతో, బహుశా ఖాళీ కడుపుతో, జీవితమంతా డేవిస్ డామ్ దగ్గర ఎగువకి పోతూనే ఉంటారు. వాళ్ల కోసం పుట్టిన అంకె చూపించి నాకు ట్రైలర్ అమ్మారు.

అబద్ధం చెప్పావని అన్ను. అదే నీతో చిక్కు. నీ అంకె నిజం, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదీ నిజం, వాటి మధ్య ఇరుక్కున్న మా కుటుంబం ఒక్కటే లెక్కలో లేదు.

సరే, ట్రక్ స్టాప్‌కి చేరాం. లారీలు తూచే క్యాట్ స్కేల్ ఉంది అక్కడ. మామయ్యగారు బోర్డు చూసి "ఇక్కడా కాటా ఉందే!" అని దిగిపోయారు. ఆయన మొహంలో అంత వెలుగు డాలస్‌లో దిగాక నేను చూళ్లేదు. ఇరవై డాలర్లలోపే, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. హిచ్‌కి ఉండే, బరువు పంచే బార్లు బిగించి ఒకసారి, తీసేసి ఒకసారి, ట్రైలర్ విప్పి ఒట్టి ట్రక్ ఒకసారి తూచాం. మూడు చీటీలూ ఆయన జేబులోనే ఉన్నాయి, ఇప్పటికీ ఇవ్వలేదు. మనుషులు 700, ట్రక్ వెనక సామాను 210, హిచ్ 90, నొగ మీద 620. కూడితే 1,620. నొగ తేలిపోయి ట్రైలర్ ఊగుతున్నప్పుడు కూడా 140 ఎక్కువ. ఊగకుండా బరువు ముందుకి జరిపితే ఇంకా ఎక్కువ. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

హిచ్ సంగతి కూడా అప్పుడే బయటపడింది. ట్రైలర్ అమ్మినవాళ్లు ఫోన్లో మాట్లాడుతూనే ఐదు నిమిషాల్లో బిగించి, ట్రక్ చుట్టూ ఒక చూపు చూసి "యూ విల్ బీ ఫైన్" అన్నారు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పనే వెనక కుంగిన బరువులో కొంత ముందు చక్రాలకీ, ట్రైలర్ ఇరుసులకీ పంచడం. టేపు పెట్టి ముందు చక్రం పైన ఫెండర్ అంచు ఎంత ఎత్తుందో కొలవాలి: ఒట్టి ట్రక్‌కి 39 అంగుళాలు, ట్రైలర్ తగిలిస్తే నలభైన్నర. అంటే ముందు చక్రాలు అంత తేలికైపోయాయి, స్టీరింగ్ అందుకే నీళ్లలో తెడ్డులా తిరిగింది. బార్లు బిగించాక ఆ లేచిన దాంట్లో కనీసం సగం దిగాలని మా ట్రక్ మాన్యువల్లో ఉంది. మాది పావంగుళం దిగింది. అంటే ఆ బార్లు ఇన్నాళ్లూ కిర్రుకిర్రుమని చప్పుడు చేయడానికే ఉన్నాయన్నమాట. హిచ్ తలకి రెండు వాషర్లు ఎక్కువేసి వంపు పెంచి, మళ్లీ తగిలించి కొలిస్తే ముప్పైతొమ్మిదిన్నర వచ్చింది. మోకాలి చిప్పలు మాత్రం ఆ కాంక్రీటు మీదే ఉన్నాయి.

నీళ్లన్నీ వదిలేశాం. బరువైన సామానంతా ఇరుసుకి ముందుకి వచ్చింది, ఎక్కడేది పెట్టాలో మామయ్యగారు నిలబడి చెప్పారు, నేను నోరెత్తకుండా మోశాను. మళ్లీ తూచితే నొగ మీద పన్నెండు శాతానికి ఇంచుమించు. బార్లు పంచింది తీసేసినా స్టిక్కర్ కంటే ఇంకా ఎక్కువే. అమరిల్లో దాకా 58 దాటకుండా వెళ్లాం. గాలి అలాగే ఉంది, లారీలు అలాగే దాటాయి, ట్రైలర్ ఒకసారి భుజం ఎగరేసినట్టు కదిలి ఊరుకుంది. కాన్యన్‌లోకి దిగే ఆ పది శాతం వాలు దిగువలో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

నీ తమ్ముడు డ్రై వెయిట్‌కి, అదే ట్రైలర్ ఖాళీ బరువుకి, కూడా నా నమస్కారాలు చెప్పు. 6,200 అన్నాడు, బ్యాటరీ లేకుండా, సిలిండర్లలో గ్యాస్ లేకుండా, ఒక్క చెంచా కూడా లేకుండా. ఆ మెత్తటి పరుపుల్లాంటి పాసింజర్ టైర్లకి వేరే ఉత్తరం రాస్తాను. గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇచ్చిన ఇంజన్ని ఏమీ అనను, పాపం లాగింది అదొక్కటే.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. మా ఆవిడ, అత్తయ్యగారు, అమ్మాయి, బియ్యం బస్తా కారులో వెనక వస్తారు. ట్రక్‌లో నేనూ మామయ్యగారూ. మేం సన్నటి వాళ్లమేమీ కాదు కానీ ఇద్దరమే కదా, నీ లెక్కకి అదే ఎక్కువ మర్యాద.

ఇట్లు,
ట్రక్‌కి ఇంకా పద్దెనిమిది వాయిదాలు కట్టవలసిన
నీ మాజీ భక్తుడు

తా.క. గ్రైండర్ ఇంట్లోనే ఉంటుంది, పిండి ముందే రుబ్బి కూలర్లో పెట్టుకుంటాం. ఈ విషయం అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.