‘ఫాలోవర్లు వస్తే అమ్మకాలు వాటంతటవే’ అనే మెసేజ్‌కు జవాబు

ఆన్‌లైన్‌లో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు ఎవరో ఒకరు తప్పకుండా ఫార్వర్డ్ చేసే మెసేజ్ ఒకటుంది. మాటలు అక్కడక్కడా మారుతుంటాయి గానీ సారాంశం ఇదే. వెబ్‌సైట్ దండగ, సోషల్ మీడియాలో పేజీ ఉంటే చాలు, అది ఉచితం కూడా. రోజుకు మూడు పోస్టులు పెట్టాలి, ఒక్కోదానికి ముప్ఫై హ్యాష్‌ట్యాగ్‌లు తగిలించాలి. ఫాలోవర్లు పది వేలు దాటితే అమ్మకాలు వాటంతటవే వస్తాయి. తొందరగా కావాలంటే, డబ్బు తీసుకుని పోస్టును ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కాలి. మొదట్లో తెలిసినవాళ్లతో ఐదు స్టార్ల రివ్యూలు రాయించుకోవాలి. ధర మాత్రం బయటపెట్టకూడదు, ‘వివరాలకు ఇన్‌బాక్స్‌కు రండి’ అనాలి.

ఒక్కో మాటా విడిగా వింటే నిజమే కదా అనిపిస్తుంది. చిన్న వ్యాపారం చేసేవాళ్ల దగ్గర డబ్బు తక్కువ, టైమ్ ఇంకా తక్కువ. పెద్దగా ఖర్చు లేకుండా పనైపోతుందంటే ఎవరికి చేదు? కానీ ఇది పాటించినవాళ్లకు నెలల తరబడి సాయంత్రాలు పోస్టులు తయారుచేయడంలోనే గడిచిపోతాయి. అది ఖర్చు కాదని ఎలా అనుకుంటాం?

‘వెబ్‌సైట్ దండగ’ అన్న మాటను సగం ఒప్పుకుంటాను. మొదటి రోజే పది పేజీల సైటు, దానికో డిజైనరు, నెలనెలా మెయింటెనెన్సు అక్కర్లేదు. మీరు అమ్మేదాన్ని ఎవరైనా కొంటారో లేదో తేలకముందు దాని మీద డబ్బు పోయడం తప్పే. నా అభ్యంతరమల్లా ‘పేజీ ఉంటే చాలు’ అన్న రెండో సగంతో. పేజీలో మీరు ఏం పెట్టాలన్నది మీ ఇష్టం, దాన్ని ఎవరికి చూపించాలన్నది మాత్రం ఆ కంపెనీ ఇష్టం. ఫేస్‌బుక్ 2012లో తానే చెప్పిన లెక్క ప్రకారం ఒక పేజీ పోస్టు సగటున ఆ పేజీ ఫాలోవర్లలో 16 శాతం మందికి చేరేది. అంటే ఆ రోజుల్లోనే నూటికి ఎనభై మందికి పైగా చూడలేదన్నమాట. 2018 జనవరిలో మార్క్ జుకర్‌బర్గ్, ఇకపై స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే ముందు చోటిస్తామని, వ్యాపారాల పోస్టులు తగ్గుతాయని బహిరంగంగానే ప్రకటించారు. కంపెనీగా అది వాళ్ల హక్కు. కానీ ఏళ్ల తరబడి ఫాలోవర్లను పోగు చేసుకున్న పేజీల యజమానులను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

2021 అక్టోబర్ 4న ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్ మెయింటెనెన్సులో జరిగిన పొరపాటు వల్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటల పాటు ఆగిపోయాయి. ఒకచోట ఫొటోలు, రెండోచోట ప్రచారం, మూడోచోట ఆర్డర్లు పెట్టుకుని ‘మూడు చోట్ల ఉన్నాం’ అనుకున్నవాళ్లకు, తాము ఉన్నది ఒకే కంపెనీలో అని ఆ రోజు తెలిసొచ్చింది. ఇక పూర్తిగా మూతపడ్డవీ ఉన్నాయి. గూగుల్ నడిపిన సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. అలాంటిదే, జనం మామూలుగా వాడే గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. చివరికి, గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో దుకాణం వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను కూడా 2024 మార్చిలో ఆపేశారు. అంటే వెబ్‌సైట్ ఉండటం ఒక్కటే చాలదు. దాని అడ్రస్‌గా వాడే పేరు, అంటే డొమైన్, మీ చేతిలో ఉండాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి. సైటు చేసిపెట్టే కుర్రాడే తన ఈమెయిల్‌తో, తన అకౌంట్లో డొమైన్ కొనేస్తుంటాడు. అతను మంచివాడే కావచ్చు. రెండేళ్ల తర్వాత ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోతే మీ దుకాణం పేరు మీది కాకుండా పోతుంది. రిజిస్ట్రేషన్ మీ పేరున, మీరు రోజూ చూసుకునే ఈమెయిల్ మీద ఉండాలి, ఆటో రెన్యువల్ ఆన్ చేసి ఉండాలి, దానికిచ్చిన కార్డు గడువు తీరితే మార్చాలి. ఆ డొమైన్ మీద ఒక్క పేజీ ఉన్నా సరిపోతుంది. ఏం అమ్ముతారు, ఎంతకు అమ్ముతారు, ఎక్కడిదాకా పంపుతారు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, నచ్చకపోతే ఏం చేయాలి, ఎవరిని సంప్రదించాలి. ఇవన్నీ బొమ్మలో డిజైన్ చేసి పెట్టకుండా మామూలు అక్షరాల్లో రాయండి. సెర్చ్ ఇంజిన్‌కు అక్షరాలే బాగా అందుతాయి, ఫోన్లో పేజీ త్వరగా తెరుచుకునేదీ అలా రాస్తేనే.

సైటు కన్నా కూడా ముందు ఉండాల్సింది కొన్నవాళ్ల జాబితా. పేరు, నంబర్, వీలైతే ఈమెయిల్, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు. వాళ్ల అనుమతితో తీసుకుని, ఫోన్లో మాత్రమే కాకుండా వేరే ఫైల్లో కూడా దాచుకోవాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపే మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవారికే చేరుతుందని తెలియక, ‘పంపాను, ఎవరూ స్పందించలేదు’ అని బాధపడేవాళ్లు ఎంతోమంది. ప్యాకెట్‌తో పాటు పెట్టే చీటీ మీద ‘ఈ నంబర్ సేవ్ చేసుకోండి’ అని ఒక్క లైను రాస్తే సగం సమస్య తీరుతుంది. ఈమెయిల్ సంగతికొస్తే, అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, కాబట్టి ఒక సర్వీసు మూతపడినా జాబితాతో ఇంకోదానికి మారిపోవచ్చు. అలాగని ఎక్కడో దొరికిన అడ్రస్‌లన్నిటికీ పంపితే కుదరదు. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి నిబంధనలు బిగించాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలన్నది వాటిలో ఒకటి. వెయ్యి మందికి పంపితే ముగ్గురు విసుక్కున్నా ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే.

రోజుకు మూడు పోస్టులు, ముప్ఫై హ్యాష్‌ట్యాగ్‌ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే 2021లో మూడు నుంచి ఐదు హ్యాష్‌ట్యాగ్‌లు చాలన్నారు. మెసేజ్ మాత్రం ఇంకా ముప్ఫై దగ్గరే ఆగింది. పోస్టుల లెక్కయినా అంతే. ఒంటిచేత్తో వ్యాపారం నడుపుకునే మనిషి రోజుకు మూడు పెట్టాలంటే రెండో వారానికల్లా ‘శుభోదయం’ కార్డులే మిగులుతాయి. దానికన్నా ఈ వారం కొనేవాళ్లు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు తీసుకోండి. ఉతికితే రంగు పోతుందా, ఏ సైజు సరిపోతుంది, పాడైతే రిపేరు ఎవరు చేస్తారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పోస్టు. అదే జవాబు సైటులోనూ పెట్టండి. ఒకరు నోరు తెరిచి అడిగారంటే అడక్కుండా వెళ్లిపోయినవాళ్లు ఇంకొందరు ఉంటారు.

‘పది వేల ఫాలోవర్లు వస్తే అమ్మకాలు వాటంతటవే’ అన్నది ఈ మెసేజ్‌కు గుండెకాయ. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదన్నట్టు ఉంటుంది ఇలా పెరిగిన పేజీల పరిస్థితి. ఆ పది వేల మంది ఎవరు? బహుమతి పోటీ పెట్టినప్పుడు బహుమతి కోసం వచ్చినవాళ్లు కొందరు. మీరు ఫాలో అయ్యారు కాబట్టి తిరిగి ఫాలో అయిన తోటి వ్యాపారులు కొందరు. మీరు పంపలేనంత దూరంలో ఉన్నవాళ్లు మరికొందరు. డబ్బిచ్చి కొన్నవయితే అసలు మనుషులే కారు. 2014 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ దొంగ అకౌంట్లను ఒకేసారి ఏరేసినప్పుడు పెద్ద పెద్ద సెలబ్రిటీల అంకెలు కూడా రాత్రికి రాత్రే లక్షల్లో పడిపోయాయి. కొన్న ఫాలోవర్లతో అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. వాళ్లెవరూ మీ పోస్టు చదవరు, స్పందించరు. ఫాలోవర్లే పట్టించుకోని పోస్టును కొత్తవారికి చూపించాలని ఏ ప్లాట్‌ఫామ్ మాత్రం అనుకుంటుంది?

సరదాగా ఫోన్ తిప్పుతూ మీ వస్తువు చూసేవాళ్లు వేరు, అది కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వేరు. రెండో రకం వాళ్లు పది మంది వచ్చినా అందులో కొనేవాళ్లుంటారు. వాళ్ల కంట పడటానికి ఫాలోవర్లతో పనిలేదు. కొనేవాళ్లు మీ దగ్గరికి వచ్చే వ్యాపారమైనా, మీరే వాళ్ల దగ్గరికి వెళ్లి చేసే పనైనా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగానే పెట్టుకోవచ్చు. అందులో సరైన కేటగిరీ ఎంచుకోవడం, పని వేళలు నిజంగా ఉన్నవే రాయడం, సెలవు రోజుల్లో మార్చడం, మీరే తీసిన ఫొటోలు పెట్టడం, ఇవన్నీ ఒక్క సాయంత్రం పని. ఇంతకన్నా ఎక్కువ లాభమిచ్చే ఉచిత పని నాకైతే కనబడలేదు. వింతేమిటంటే, ఉచితం ఉచితం అని అంతగా చెప్పే ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు.

ఫాలోవర్లకు బదులు మూడు అంకెలు రాసుకోండి. ఈ వారం ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, కొన్నవాళ్లలో ఎంతమంది రెండోసారి వచ్చారు. కొన్న ప్రతివారినీ ‘మా గురించి ఎక్కడ చూశారండీ?’ అని అడిగి ఆ జవాబు కూడా పక్కనే రాయండి. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, నోటు పుస్తకం చాలు.

ఇక బూస్ట్ బటన్. అది మోసమని నేననను. కాకపోతే ప్రకటనల వ్యవస్థ మీరు ఏం అడిగితే అదే తెచ్చిస్తుంది. లైకులు, కామెంట్లు కావాలని చెబితే లైకులు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి చూపిస్తుంది, వాళ్లకు కొనే అలవాటు ఉండకపోవచ్చు. తొందరలో బూస్ట్ నొక్కేవాళ్లు లక్ష్యం ఏమిటన్న ప్రశ్నను చదవకుండానే దాటేస్తారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా ప్రకటనల కోసం ఇచ్చే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్తే అవగాహన, ట్రాఫిక్ (సైటుకు రప్పించడం), ఎంగేజ్‌మెంట్ (లైకులు, కామెంట్లు), లీడ్స్ (ఆసక్తి ఉన్నవారి వివరాలు), యాప్ ప్రచారం, అమ్మకాలు అని ఆరు లక్ష్యాలు విడివిడిగా కనిపిస్తాయి. అమ్మకమే కావాలంటే ఆ మాటే అడగాలి, కొన్న సంగతి దానికి తెలిసేలా సైటులో ఏర్పాటు కూడా ఉండాలి.

డబ్బు పెట్టే ముందు చేయాల్సిన లెక్క చిన్నదే. ఖర్చులన్నీ పోగా ఒక ఆర్డర్ మీద మీకు మిగిలేది 100 అనుకుందాం. మీ పేజీకి 100 మంది వస్తే ఇద్దరు కొంటున్నారు. అంటే 100 క్లిక్కులకు మీకు మిగిలేది 200. కాబట్టి ఒక్కో క్లిక్కుకు 2 కన్నా ఎక్కువ పెడితే మీరే ఎదురు డబ్బిచ్చి సరుకు పంపుతున్నట్టు లెక్క. కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే వ్యాపారమైతే ఇంకాస్త ఎక్కువ భరించవచ్చు, కానీ అది మీ నోటు పుస్తకం చెప్పాలి, ఆశ కాదు. నూటికి ఎంతమంది కొంటున్నారో ఇంకా తెలియకపోతే, పోయినా టెన్షన్ పడనంత చిన్న మొత్తం పెట్టి అది మాత్రం తెలుసుకోండి.

యాడ్ రిపోర్టులో కనిపించే అమ్మకాలను కూడా ఉన్నదున్నట్టు నమ్మొద్దు. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఆపిల్, మనిషి అనుమతి లేకుండా ఒక యాప్ ఇతర యాప్‌లలో, సైట్లలో అతన్ని వెంబడించకూడదని నిబంధన పెట్టింది. దానివల్ల తమకు 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగులుతుందని ఆ ఏడాది ఫిబ్రవరిలో మెటానే చెప్పింది. అప్పటి నుంచి రిపోర్టుల్లో అంచనాల పాలు పెరిగింది. రిపోర్టు పది ఆర్డర్లు తెచ్చానంటుంది, మీ పుస్తకంలో ఆరే ఉంటాయి. నమ్మాల్సింది పుస్తకాన్నే.

తెలిసినవాళ్లతో రివ్యూలు రాయించుకోవడం తప్పని అందరికీ తెలుసు, అయినా ‘మొదట్లో తప్పదు’ అంటారు. అమెరికాలో 2024 అక్టోబర్ 21 నుంచి దొంగ రివ్యూలు, కొన్న ఫాలోవర్ల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది, జరిమానాలతో సహా. చట్టం సంగతి పక్కన పెట్టినా ఇది తెలివైన పని కాదు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలోని స్పీగెల్ రీసెర్చ్ సెంటర్ పరిశీలనలో, రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడు కొనే అవకాశం ఎక్కువగా ఉందని, 5కి దగ్గరయ్యేకొద్దీ అది తగ్గుతోందని తేలింది. అన్నీ ఐదు స్టార్లే కనిపిస్తే జనం అనుమానిస్తారు మరి. సరుకు చేరిన రెండు మూడు రోజులకు, మెచ్చుకున్నవాళ్లనే ఏరుకోకుండా కొన్న అందరినీ ఒకే మాటతో రివ్యూ అడగండి. చెడ్డ రివ్యూ వస్తే వాదించకుండా ఏం జరిగిందో, ఏం సరిచేశారో రెండు లైన్లలో రాయండి. ఆ జవాబు రివ్యూ రాసినవారి కన్నా, తర్వాత వచ్చి చదివేవారికి ఎక్కువ పనికొస్తుంది.

చివరిది, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది, ధర దాచమనడం. ఇన్‌బాక్స్‌కు రప్పిస్తే మాటల్లో పెట్టి అమ్మొచ్చని, పోటీవాళ్లకు ధర తెలియకుండా ఉంటుందని రెండు కారణాలు చెబుతారు. పోటీవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగలేరా? వాళ్లకు ఆ ఓపిక ఉంటుంది. లేనిది నిజంగా కొనాలనుకున్నవారికే. రాత్రి పదకొండింటికి మూడు దుకాణాలు పోల్చి చూసుకుంటున్న మనిషి, ధర రాసిన రెండిట్లో ఒకటి ఎంచుకుని పడుకుంటాడు. మీ జవాబు పొద్దున్న వెళ్తుంది. పైగా, మనిషిని బట్టి ధర చెబుతారేమోనన్న అనుమానం ఒకటి. మీరు రోజూ ‘ధర ఎంత?’ అన్న ప్రశ్నకే వేళ్లు నొప్పి పుట్టేలా టైపు చేయడం ఇంకొకటి.

కొలతలు తీసుకుని ఆర్డర్ మీద చేసే పనులకు ఒకే ధర చెప్పలేరన్నది నిజమే. అప్పుడైనా ఎంత నుంచి మొదలవుతుందో రాయొచ్చు, ఏయే కారణాల వల్ల పెరుగుతుందో రాయొచ్చు. ఇదివరకు చేసిన రెండు మూడు పనుల ఫొటోలు పెట్టి ఒక్కోదానికి ఎంతయిందో కింద రాస్తే అంచనా దానంతటదే దొరుకుతుంది. ధర చెప్పడానికి మీకు కావాల్సిన కొలత, సంఖ్య, ఎప్పటికి కావాలన్నది, ఎక్కడికి పంపాలన్నది ఆ పక్కనే అడగండి. అవి పంపినవారికి అదే రోజు ధర చెప్పండి, వీలుకాని రోజుల్లో ఎప్పటిలోగా చెబుతారో ఆటో రిప్లైలో పెట్టండి.